ముసురు పడితే మంచం దిగబుద్ధి కాదు... ఇది డిప్రెషనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 52. మాది అనంతపురం. మావారు పొద్దున అంగడికి పోతే రాత్రి తొమ్మిదికి వస్తారు. అమ్మాయి పెళ్లయి బెంగళూరులో ఉంది. ఎండ కాసిన రోజు బాగానే ఉంటాను. మబ్బు పట్టి ముసురు మొదలైతే మాత్రం ఏ పనీ చేయబుద్ధి కాదు. వాకింగ్ మానేస్తాను, వంట ఏదో అయిందనిపిస్తాను, మధ్యాహ్నమంతా ఫోన్ చూస్తూ పడుకుంటాను. ‘నలుగురినీ ఇంటికి పిలువమ్మా’ అంటుంది అమ్మాయి. పిలవాలంటే ఇల్లు సర్దాలి, టిఫిన్లు చేయాలి. తలుచుకుంటేనే నీరసం వస్తోంది. మందులు వాడాలా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: అమ్మా, వానకోసం మొగులు కేసి చూస్తూ కూర్చునే జిల్లా మనది. అలాంటిది రెండు రోజులు ముసురు పడితే దిగులని మీరు రాస్తే మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే నిజమే కదా అనిపించింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో బతికే వాళ్లం, ఉన్నట్టుండి ఇల్లు చీకటైతే ఏమీ తోచదు.

చలిదేశాల్లో పగటి పొద్దు బాగా తగ్గిపోయే నెలల్లో వచ్చే డిప్రెషన్ ఒకటుంది. అమెరికా డాక్టర్లు 1984లో దాని గురించి వివరంగా రాశారు. మన దగ్గర డిసెంబరులో కూడా పగలు 11 గంటలకు తగ్గదు. కాబట్టి మీది అదే అని నేననుకోవడం లేదు. ముసురు పట్టిన రోజు మీ చేతిలోంచి ఏమేం జారిపోతున్నాయో చూడండి. వాకింగ్ పోయింది. దారిలో ‘ఏమ్మా, నిన్న కనపడలేదే’ అని పలకరించే మనుషులు పోయారు. వెలుతురు పోయింది. మబ్బు కన్నా మిమ్మల్ని ఎక్కువ కుంగదీస్తున్నది ఇవి పోవడమే.

ఇక ఓపిక సంగతి. మనసు బాగుపడ్డాక నలుగురిలోకి వెళ్దాం అనుకుంటాం. జరిగేది మాత్రం వేరే. వెళ్లకపోతే మనసు ఇంకాస్త దిగుతుంది, దిగిన కొద్దీ కాలు బయటపెట్టం. అందుకే తేలికపాటి డిప్రెషన్‌లో మేము ‘బుద్ధి పుట్టకపోయినా ముందు చిన్న పని మొదలుపెట్టండి, ఉత్సాహం వెనకే వస్తుంది’ అని చెబుతాం. దీని పేరు బిహేవియరల్ యాక్టివేషన్. ఉత్త ఓదార్పు మాట కాదు, చికిత్సలో వాడే పద్ధతే.

మా చిన్నప్పుడు ముంగారు వానలకు ముందు విత్తనం శెనక్కాయలు ఇంట్లోనే ఒలిచేవాళ్లు. వీధిలో ఆడవాళ్లంతా మా అరుగు మీద చేరేవాళ్లు. ముందర గంప, ఒళ్లో చేట. కాయ నొక్కితే టప్పుమనేది, సాయంత్రానికి బొటనవేళ్లు ఎర్రగా కందిపోయేవి. ఎవరి కోడలు ఏమందో, ఎవరి బర్రె ఎన్ని పాలిచ్చిందో అన్నీ ఆ చేటల మీదే తేలేవి. ఒకావిడ మొగుడు పోయిన కొత్తలో నెలరోజులు నోరు మెదపకుండా వచ్చి ఒలిచి పోయేది. ఎవరూ మాట్లాడమని అడగలేదు. రాకపోతే మాత్రం పిల్లల్ని పంపి పిలిపించేవాళ్లు. దాన్నెవరూ గెట్ టుగెదర్ అనలేదు, కాయలు ఒలిచే పని అంతే.

మీకు కావాల్సింది అలాంటి ఒక పని. అతిథులు వస్తున్నారనుకుంటే ఇల్లు సర్దాలి. పనికి తోడు వస్తున్నారంటే అక్కర్లేదు. అనపకాయల కాలంలో రెండు కిలోలు తెప్పించండి. ఒలవడం, నానబెట్టి పితకడం ఒక్కరికి విసుగు, ముగ్గురికి కాలక్షేపం. కాలం కాకపోతే పూలు కట్టుకోండి, వడియాల పిండికి మిరపకాయలు తుంచుకోండి. ఇద్దరు ముగ్గురు చాలు. వరండాలో కూర్చోండి, ఎందుకంటే ముసురులో కూడా బయటి వెలుతురు మీ హాల్లో ట్యూబ్‌లైటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఫ్లాస్కులో టీ, గిన్నెడు బొరుగులు పెట్టండి. ఉగ్గాని, బజ్జీ అని మొదలుపెట్టారంటే మూడో వారానికి మీరే మానేస్తారు.

వారం ఒకటే ఉండాలి, వేళ ఒకటే ఉండాలి. బుధవారం నాలుగింటికి అనుకుంటే బుధవారమే. ఆరోజు మనసెలా ఉందని చూసుకుని నిర్ణయించుకునే పని పెట్టుకోవద్దు. వచ్చేవాళ్లలో దగ్గరి మనిషికి ఒక మాట చెప్పి ఉంచండి: ‘నేను వద్దని ఫోన్ చేసినా నువ్వు రా.’ గంటకు ముగించండి. ‘మీ అమ్మాయికి ఇంకా పిల్లల్లేరా’ అని ఆరా తీసే మనిషిని మొదటి నెల పిలవకండి, ఇది కూడా వైద్య సలహానే.

మందుల మాటకొస్తే, ఇప్పుడే తొందర పడొద్దు. అయితే మీ వయసులో నీరసమంటే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, షుగర్ చూడాలి. నెలసరి ఆగే వయసులో నిద్ర, మనసు రెండూ తారుమారవడం మామూలే, ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి. ఎండ కాసినా దిగులు పోకుండా, రోజులో ఎక్కువసేపు అలాగే ఉంటూ రెండు వారాలు దాటితే, నిద్రా ఆకలీ తప్పితే, ఇష్టమైనవి కూడా చేదైతే సైకియాట్రిస్టును కలవాలి. అప్పుడు మందులు అవసరమైతే వాడటంలో సిగ్గేమీ లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి. వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైను, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

వాళ్లు వచ్చే ముందు మీ మనసుకు పదికి ఎన్ని మార్కులో క్యాలెండరు మీద వేయండి, వెళ్లాక మళ్లీ వేయండి. నాలుగు బుధవారాల మార్కులు, థైరాయిడ్ రిపోర్టు కలిపి నాకు మళ్లీ రాయండి.