ఒంగోలు పిల్లలు అడిగింది న్యాయమే

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, సీరియల్ నాలుగు భాగాలూ అందాయి. ముందు కథ చదివాను, తర్వాతే ఉత్తరం చదివాను. కథ బాగుంది. కొత్తపట్నం ఒడ్డున ఇసకలో దిగబడిపోయిన ట్రాక్టర్ని నీ కథలో పిల్ల ఒంటిచేత్తో బయటికి లాగి, ఎవరైనా చూశారేమోనని ఆ చెయ్యి చున్నీ కింద దాచుకుంటుంది చూడు, ఆ చోటు రెండుసార్లు చదువుకున్నాను. బలం వచ్చినందుకు సిగ్గుపడే మనిషిని నేను కథల్లో పెద్దగా చూడలేదు.

ఇక ఉత్తరం సంగతి. నాలుగో భాగం వచ్చాక ఒంగోల్లో నీ పాఠకులు జట్లు కట్టి వాదించుకుంటున్నారనీ, నీకు రెండు రోజులుగా టెన్షన్‌తో రాత పడటం లేదనీ రాశావు. "వాళ్ళకి పనీపాటా లేదా బాబాయ్, కథని కథలాగా చదవచ్చు కదా" అన్నావు. ఆ పిల్లలు అడిగింది న్యాయమైన ప్రశ్నేనమ్మా. మొదటి భాగంలో నువ్వే చెప్పావు: ఉప్పునీళ్ళు ఒంటికి తగిలితే ఆ పిల్ల బలం పోతుందని. నాలుగో భాగంలో అదే పిల్ల కృష్ణపట్నం దగ్గర నడుంలోతు నీళ్ళలో నిలబడి ఆరుగురిని చితకబాదింది. అడగరా మరి?

నువ్వు సూపర్‌హీరో సినిమాలు చూస్తూ పెరిగినదానివి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పుట్టుకతోనే వింత శక్తులున్న మనుషుల కథ, ఎక్స్-మెన్ సినిమాల సిరీస్, 2000లో మొదలైంది. కంటిన్యుటీ గురించి, అంటే ముందు చెప్పినదానికీ తర్వాత చూపించినదానికీ పొంతన గురించి, అభిమానులు ఇంతగా కొట్టుకున్న సిరీస్ మరొకటి నాకు గుర్తు రావడం లేదు. వాళ్ళ నాయకుడు, మనసులు చదివే ప్రొఫెసర్ ఛార్లెస్ కాళ్ళ సంగతే తీసుకో. 2006లో వచ్చిన మూడో సినిమా మొదట్లో, ఇరవై ఏళ్ళ కిందటి కథ అని చెప్పి, ఛార్లెస్ తన స్నేహితుడు ఎరిక్‌తో కలిసి జీన్ అనే చిన్నపిల్ల ఇంటికి నడుచుకుంటూ వస్తాడు. 2011లో వచ్చిన ఎక్స్-మెన్ ఫస్ట్ క్లాస్‌లో 1962లోనే, క్యూబా తీరంలో వెన్నులో తూటా దిగి కాళ్ళు పడిపోతాయి. 1962లో నడక పోయినవాడు 1980ల్లో ఎలా నడిచాడు? 2014 సినిమాలో, 1973 నాటికి ఒక మందు వేసుకుంటే కాళ్ళు వస్తాయి, మనసులు చదివే శక్తి పోతుంది అని చూపించారు. ఆ మందుతోనే పాత లెక్కా సరిపెట్టేవాళ్ళు ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు.

ఇలాంటివి వినీ వినీ నాకు ఒకటి అర్థమైంది. అభిమానులు అన్ని తప్పుల మీదా ఒకే రకంగా వాదించరు. 2017లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ హోమ్‌కమింగ్‌లో 2012 నాటి అవెంజర్స్ సినిమాలోని యుద్ధం అయిపోయిన దృశ్యం చూపించి, వెంటనే "ఎనిమిదేళ్ళ తర్వాత" అని అక్షరాలు వేశారు. మిగతా సినిమాల లెక్కతో అది ఏ రకంగానూ కుదరదు. జనం పట్టుకున్నారు, లెక్కలు వేశారు, నవ్వుకున్నారు, వదిలేశారు. ఆ కుర్రాడి మీద ఎవరికీ ప్రేమ తగ్గలేదు.

ఎక్స్-మెన్ జట్టులోని వోల్వరిన్ గోళ్ళ విషయంలో అలా జరగలేదు. 2013 సినిమా చివర్లో అతని లోహపు గోళ్ళని శత్రువు నరికేస్తాడు. వాటి చోట ఎముక గోళ్ళు మళ్ళీ పెరుగుతాయి. ఆ లోహం అతని ఒంట్లోకి ఎక్కించిన రోజు పడిన నరకం మనకి తెలుసు. దాన్ని మోసుకుంటూ బతికిన మనిషి దాన్ని పోగొట్టుకోవడం చిన్న సంగతి కాదు. తర్వాతి ఏడాది సినిమాలో, భవిష్యత్తులో జరిగే భాగంలో, లోహపు గోళ్ళు మళ్ళీ ప్రత్యక్షం! ఎలా వచ్చాయో ఒక్క మాట లేదు. ఇక్కడ అభిమానులకి కోపం వచ్చింది. తేదీ తారుమారైనందుకు వచ్చిన కోపం కాదది. "ఆ నొప్పి మేం చూశాం, మీరు మర్చిపోయారు" అనే కోపం. ఎరిక్ వయసు గొడవ కూడా నాకు ఇలాంటిదిగానే కనిపిస్తుంది. 1944లో నాజీ శిబిరంలో తల్లిదండ్రుల నుంచి విడిపోయిన పిల్లవాడు 1992లో జరిగే సినిమాకల్లా అరవై దగ్గరపడ్డ మనిషి కావాలి. తెర మీద మాత్రం ముప్పై ఏళ్ళ కిందట చూసిన ముఖమే దాదాపు అలాగే ఉంటుంది. ముప్పై ఏళ్ళు అతన్ని ఏం చేశాయో మనకి దక్కకుండా పోయింది.

నీ ఉప్పునీళ్ళు ఈ రెండో రకం. అందుకే నీ వాళ్ళు అంత గట్టిగా పట్టుకున్నారు. ఆ పిల్లకి ఉప్పునీళ్ళంటే ఎందుకు చేతులు చచ్చుబడతాయి? వాళ్ళ నాన్న పడవ తిరగబడిన రాత్రి, తెల్లారేదాకా చెక్క పట్టుకుని సముద్రంలో తేలింది కాబట్టి. తెల్లారాక ఒడ్డుకు చేరింది ఆమె ఒక్కతే. దాన్ని నువ్వు ఒక రూల్ లాగా రాయలేదు, గాయం లాగా రాశావు. నాలుగో భాగంలో ఆమె నీళ్ళలోకి దిగి కొడుతుంటే పాఠకుడికి ఏమనిపిస్తుందంటే, రచయిత్రి ఆ నాన్నని మర్చిపోయింది అనిపిస్తుంది.

వాళ్ళ వాదనల్ని నువ్వు చిరాగ్గా రాశావు గానీ, నేను ఎంతో ఇష్టంగా చదివాను. ఒక అబ్బాయి అన్నాడట: కృష్ణపట్నం దగ్గర కండలేరు వచ్చి సముద్రంలో కలుస్తుంది, అక్కడ నీళ్ళలో ఉప్పు తక్కువ, కాబట్టి బలం పోలేదు అని. ఎంత చక్కగా ఆలోచించాడు! రెండోవాడు వెంటనే కొట్టేశాడట: ఆవిడ "రోహిణి ఎండలు మండుతున్నాయి" అని రాసిందిరా, ఎండాకాలంలో ఏటిలోకి మంచినీళ్ళు ఎక్కడివి, అప్పుడే కదా ఉప్పు ఎక్కువుండేది అని. వీడూ కరెక్టే. మన వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, చాలావరకు వాయుగుండాలతో. పెన్నకి 2021లో అంత వరద వచ్చింది కూడా నవంబరులోనే. కార్తె పేరు రాసినప్పుడు ఆ కార్తెతో పాటు గాలి, నీళ్ళు, ఉప్పు అన్నీ కథలోకి వచ్చేస్తాయని గుర్తుపెట్టుకో.

మూడో మాట కందుకూరు అమ్మాయిది. "వాళ్ళ నాన్న పోయిన బాధ నుంచి ఆమె కొంచెం కొంచెంగా బయటపడుతోందేమో, అందుకే నీళ్ళు ఇప్పుడు ఏమీ చెయ్యలేదేమో" అందట. ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆ అమ్మాయి నీ మనిషిని నీకంటే దగ్గరగా చూసింది.

1960లలో అమెరికాలో మార్వెల్ కామిక్స్ వాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. కథలో తప్పు పట్టుకోవడమే కాకుండా, అది నిజానికి తప్పెందుకు కాదో తెలివిగా చెప్పిన పాఠకుడికి బహుమతి లేని బహుమతి అని ఒక ఖాళీ కవరు పంపేవాళ్ళు. వచ్చిన కవరులో ఏమీ ఉండదు. అయినా దాని కోసం పిల్లలు పోటీపడి ఉత్తరాలు రాసేవాళ్ళు. హల్క్‌గా మారే బ్రూస్ బ్యానర్‌ని 1964లో ఒక సంచికలో పొరపాటున బాబ్ బ్యానర్ అని రాసేశారు. పాఠకులు ఊరుకోలేదు. చివరికి అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అని తేల్చారు, ఇప్పటికీ అదే పేరు. సినిమాల్లోనూ ఇలాంటిదొకటి ఉంది. 2011 థోర్ సినిమాలో థోర్ తండ్రి ఓడిన్ ఖజానాలో మణులు పొదిగిన చేతితొడుగు ఒకటి కనిపిస్తుంది. 2015లో ఇంకో మార్వెల్ సినిమాలో అలాంటిదే విలన్ థానోస్ చేతికి తొడుక్కున్నాడు, అదీ ఇంకో చేతిది. రెండు ఎక్కడి నుంచి వచ్చాయని అభిమానులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 2017లో మూడో థోర్ సినిమాలో ఓడిన్ కూతురు హేలా ఖజానాలోకి నడిచొచ్చి, ఆ తొడుగు నకిలీదని ఒక్క మాటలో తేల్చి, దాన్ని కింద పడేసి ముందుకు పోతుంది. తప్పు సర్దుకుంది. దాంతోపాటు ఓడిన్ గొప్పల మీద అనుమానం కూడా పుట్టింది. ఆ సినిమా కథంతా ఆ అనుమానం గురించే కాబట్టి అతుకు కనిపించలేదు.

అతుకు అన్నాను కాబట్టి, మన జిల్లాల వాళ్ళం ఎర్రన దగ్గరికి వెళ్ళకుండా ఎలా ఉంటాం! పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం మొదలుపెట్టి, అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. పదమూడో శతాబ్దంలో మన నెల్లూరు తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు. మధ్యలో మిగిలిన ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన పూర్తి చేశాడు. ఇంత కష్టమైన కంటిన్యుటీ పని ఇంకెవరికైనా పడిందా అని నాకు అనుమానమే. ముందున్నది ఒక మహాకవి గొంతు, వెనకున్నది ఇంకో మహాకవి గొంతు, రెంటికీ మధ్య రెండు వందల ఏళ్ళు.

నన్నయ చివరి పద్యం శరత్కాలపు రాత్రుల గురించి. నక్షత్రాలు, కలువలు, వెన్నెల. ఎర్రన మొదటి పద్యం ఏమిటో తెలుసా? అదే శరత్కాలపు ఉదయాలు! మబ్బులు విడిపోవడం, కమలాలు విచ్చుకోవడం. నన్నయ దగ్గర చీకటి పడిన ఋతువు ఎర్రన దగ్గర తెల్లారింది. కొత్త ఋతువు తేలేదు, కొత్త సంగతి ఎత్తుకోలేదు. అక్కడి నుంచి మొదట్లో నన్నయ పద్ధతిలో నడిచి, పోను పోను తిక్కన వైపు ఒరుగుతాడని పెద్దలు చెబుతారు. చదివితే నాకూ అలాగే అనిపించింది. పైగా తన భాగాన్ని తన రాజుకి అంకితం ఇచ్చుకోలేదు, నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు. ఎర్రన అంతటివాడు ముందు రాసినవాడి చివరి వాక్యం దగ్గర అంతసేపు నిలబడ్డాడు. నువ్వూ కృష్ణపట్నం గొడవ రాయబోయే ముందు నీ మొదటి భాగం దగ్గర ఒక పూట కూర్చుని ఉంటే బాగుండేది.

ఇప్పుడేం చెయ్యాలంటే, నాలుగో భాగాన్ని గుట్టుగా దిద్ది మళ్ళీ అచ్చు వేయించకు. అది చదివిన వాళ్ళ దగ్గర ఉంది, వాళ్ళది అయిపోయింది. కండలేరు వివరణ కూడా వాడుకోకు. అది తెలివైనదే గానీ దానివల్ల ఆ పిల్ల గురించి మనకి కొత్తగా ఏమీ తెలియదు. కందుకూరు అమ్మాయి మాట పట్టుకో. కాకపోతే, "బాధ తగ్గింది, బలం వచ్చింది" అని ఒక వాక్యంలో తేల్చేస్తే మళ్ళీ అదే అన్యాయం. గొడవ అయిపోయాక ఆమె ఒంటరిగా ఉన్న గంట రాయి. బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి, చేతులు చచ్చుబడలేదు. ముందు సంతోషపడుతుంది, తర్వాత భయపడుతుంది. నీళ్ళు తనని ఏమీ చెయ్యలేదంటే నాన్నని మర్చిపోతున్నానా అని. నాకైతే నీ ఐదో భాగమంతా ఆ ప్రశ్నే. ఆమె కొత్తపట్నం వెళ్ళి మళ్ళీ నీళ్ళలో కాలు పెడుతుందా, పెట్టదా, పెడితే ఏమవుతుంది, అది నువ్వు తేల్చుకోవాల్సింది.

ఒక నోట్‌బుక్ కూడా పెట్టుకో. సినిమా షూటింగుల్లో అసిస్టెంట్ డైరెక్టర్లు ఏ షాట్‌లో ఏ చొక్కా, గ్లాసులో ఎంత నీళ్ళు అని కంటిన్యుటీ రాసుకుంటారు. నీకు అవీ కావాలి, కానీ ముందు రాసుకోవాల్సింది ఎవరు ఏం పోగొట్టుకున్నారు, ఎవరికి ఏం మాటిచ్చారు, ఎవరికి ఎవరి మీద ఏం తెలుసు, ఏం తెలియదు. ఊళ్ళ సంగతి కూడా ఒక పేజీ వెయ్యి. రెండో భాగంలో ఆమె తాతగారు 1965లో "మాది ప్రకాశం జిల్లా కందుకూరు" అంటాడు. అప్పటికి ఆ జిల్లానే లేదు. కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు, 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరులో కలిసింది. ఇది మొదటి రకం తప్పు, ఎవరూ ఏడవరు. పుస్తకంగా వేసేటప్పుడు దిద్దుకుంటే చాలు.

అడిగిన ప్రతి దానికీ జవాబు రాయాలని కూడా పెట్టుకోకు. ఆ పిల్లకి బలం ఎలా వచ్చిందని ఎవరో అడిగారన్నావు. చెప్పకు. అది తెలియకపోవడం వల్ల కథలో ఎవరికీ అన్యాయం జరగడం లేదు. తెలిస్తే మాత్రం ట్రాక్టర్ దగ్గర ఆమె పడిన సిగ్గు సగం చచ్చిపోతుంది.

ఆ ముగ్గురికీ ఉత్తరం రాయి. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, వాదనకి దిగుతున్నట్టూ కాదు. చదివినందుకు థ్యాంక్స్ చెప్పి, కందుకూరు అమ్మాయిని మాత్రం ఒకటి అడుగు: ఆమె బాధ నుంచి బయటపడుతోందని నీకు ఏ వాక్యం దగ్గర అనిపించింది అని. నీకు తెలియకుండానే ఆ వాక్యం నువ్వు మూడో భాగంలోనే ఎక్కడో రాసేసి ఉంటావని నా అనుమానం. అది దొరికితే ఐదో భాగం అక్కడి నుంచే మొదలుపెట్టు, మొదటి పది పేజీలు అవగానే నాకు పంపు.

ఉంటాను,
మీ బాబాయ్