తలకు దెబ్బ తగిలాక కంప్యూటర్ బ్రెయిన్ గేమ్స్ ఆడితే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందా?

కొంతవరకే: ఆడిన ఆటలో చురుకుదనం పెరుగుతుంది గానీ, అది రోజువారీ పనుల్లో అంతగా కనిపించదు. మెదడు దేన్ని పదేపదే చేస్తే ఎక్కువగా దాంట్లోనే ఆరితేరుతుంది. ఉదాహరణకు, తెరపై వెలిగిన గళ్లను వరసగా గుర్తుపెట్టుకునే ఆటలో నాలుగు నుంచి ఏడుకు చేరిన మనిషే, పొద్దున ఫిట్స్ మాత్ర వేసుకున్నానా లేదా అని తడుముకోవచ్చు. దానికి ఫోన్ అలారం, రోజుకో గది ఉన్న మాత్రల డబ్బా, వాటిని వాడటం థెరపిస్ట్ దగ్గరుండి అలవాటు చేయడం మేలు. స్కోరు పెరిగింది కాబట్టి మెదడు బాగుపడిందనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. సరైన ఆధారాలు లేకుండా ఇలాంటి ప్రచారం చేసిందన్న కేసులో బ్రెయిన్ గేమ్స్ అమ్మే లూమోసిటీ కంపెనీ 2016లో అమెరికాలో 20 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. అలాగని ఆటలు దండగేమీ కాదు, ఏకాగ్రత సాధనకు థెరపీతో పాటు వాడుతుంటారు.