యూరప్ క్లబ్ పిలుస్తోంది, కాలేజీ స్కాలర్‌షిప్ చేతిలో ఉంది: అబ్బాయిని ఎటు పంపాలి?

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై ఏళ్లకు పైగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, అమెరికా పౌరుడు. వయసు 18, ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు. బాస్కెట్‌బాల్ తప్ప వాడికి వేరే లోకం లేదు. మే నెలలో హైస్కూల్ పూర్తవుతుంది. ఒక మధ్యస్థాయి యూనివర్సిటీ పూర్తి స్కాలర్‌షిప్‌తో పాటు మొదటి ఏడాది 30,000 డాలర్లు ఇస్తామంది. ఈలోపు ఒక ఏజెంట్ యూరప్‌లో రెండో డివిజన్ క్లబ్ నుంచి ఆఫర్ తెచ్చాడు. 9 నెలలు, నెలకు 4,000 డాలర్లు ‘నెట్’, అపార్ట్‌మెంట్, రెండు విమాన టికెట్లు ఇస్తారట. అక్కడ ఒక్క ఏడాది ఆడితే ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌కి, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే ప్రక్రియకి, అర్హత వచ్చేస్తుందని చెబుతున్నాడు. ట్రైనింగ్, వీడియోల ఖర్చు కింద ముందుగా 15,000 డాలర్లు కట్టమంటున్నాడు. అబ్బాయి ఒంటరిగా ఉండలేడని మా ఆవిడ కూడా వెళ్తానంటోంది. అందుకోసం నా రిటైర్మెంట్ ఖాతా 401(కె) నుంచి 40,000 లోన్ తీసుకుందామని ఆలోచన. వాడి పేరున కాలేజీ చదువు కోసం దాచిన 529 ఖాతాలో 92,000 ఉన్నాయి. నా వయసు 49. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈ ఆఫర్‌కి ఈ ఏడాది సంతకం పెట్టకండి. ఏజెంట్‌కి 15,000 కట్టకండి. 401(కె) జోలికి అసలే వెళ్లకండి. అబ్బాయి ఆట మీద నాకు అనుమానం ఉండి ఇలా అనడం లేదు. పూర్తి స్కాలర్‌షిప్ వచ్చిందంటే వాడు నిజంగా బాగా ఆడుతున్నట్టే. మీకు డ్రాఫ్ట్ గురించి సగమే చెప్పారు. ఆ మిగతా సగంలోనే మీ డబ్బు, వాడి భవిష్యత్తు రెండూ ఇరుక్కుని ఉన్నాయి.

ఒకప్పుడు హైస్కూల్ నుంచి నేరుగా ఎన్‌బీఏకి వెళ్లేవారు. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ అలా వెళ్లినవాళ్లే. 2005లో లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందంతో ఆ దారి మూసేశారు. 2006 డ్రాఫ్ట్ నుంచి, ఆ క్యాలెండర్ ఏడాదిలో ఆటగాడికి 19 ఏళ్లు నిండాలి. అమెరికాలో చదివినవాడైతే, తన హైస్కూల్ బ్యాచ్ బయటికొచ్చాక కనీసం ఒక ఎన్‌బీఏ సీజన్ గడవాలి. నిబంధన ఇంతే. గమనించారా? ఇందులో యూరప్ ప్రస్తావనే లేదు. మీవాడు కాలేజీలో ఒక ఏడాది ఆడినా ఆ అర్హత వస్తుంది. ఏజెంట్ మీకు అమ్ముతున్న అర్హత, మీవాడికి ఎలాగూ ఉచితంగా వచ్చేదే.

ఇక ఆయన చెప్పని సంగతి. కాలేజీలో మొదటి ఏడాది ఆడిన కుర్రాడు డ్రాఫ్ట్‌కి పేరు ఇచ్చి, తన స్థానం ఎక్కడుందో తెలుసుకుని, బాగాలేదనుకుంటే గడువులోపు పేరు వెనక్కి తీసుకుని మళ్లీ కాలేజీలో ఆడుకోవచ్చు. ఏటా చాలామంది ఇదే చేస్తారు. అమెరికాలో హైస్కూల్ పూర్తిచేసి బయట దేశంలో ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ మీద ఆడినవాడి పరిస్థితి వేరు. వయసు, ఏడాది నిబంధన పూర్తవగానే వాడి పేరు దానంతట అదే డ్రాఫ్ట్‌లోకి వెళ్లిపోతుంది. ‘ఈసారి వద్దు, వచ్చే ఏడాది చూద్దాం’ అనే వీలు ఉండదు. ఆ జూన్‌లో ఎవరూ తీసుకోకపోతే వాడు ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుకీ చెందని ఆటగాడు. ఆ తర్వాత కూడా ఏదో ఒక జట్టుతో ఒప్పందం కుదరవచ్చు, తలుపు పూర్తిగా మూసుకోదు. కానీ డ్రాఫ్ట్ అనే అవకాశం ఒక్కసారికే అయిపోతుంది.

యూరప్‌లోనే పుట్టి పెరిగిన కుర్రాడికి ఈ ఇబ్బంది లేదు. వాడు 22 ఏళ్లు వచ్చే ఏడాది వరకు ఆగవచ్చు, నచ్చినప్పుడు పేరు ఇవ్వవచ్చు, నచ్చకపోతే గడువులోపు తీసేసుకోవచ్చు. నికోలా యోకిచ్‌ని 2014లో 41వ ఎంపికగా డెన్వర్ తీసుకుంది. ఆయన మరో ఏడాది సెర్బియాలోనే ఆడి 2015లో వచ్చాడు. ‘యూరప్ నుంచి ఎంతమంది వస్తున్నారో చూడండి’ అని ఇలాంటి పేర్లు చూపిస్తే నమ్మకండి. మీవాడు ఏడాదిపాటు అక్కడ ఉన్నంత మాత్రాన డ్రాఫ్ట్ నిబంధనల దృష్టిలో యూరప్ ఆటగాడు కాడు.

మరి అమెరికా నుంచి వెళ్లి నెగ్గినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2008లో బ్రాండన్ జెన్నింగ్స్ కాలేజీ వదిలి రోమ్ క్లబ్‌లో ఆడాడు, 2009లో పదో ఎంపికగా మిల్వాకీకి వెళ్లాడు. ఇమాన్యుయెల్ ముడియె 2014లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌కి వెళ్లాడు, చీలమండ గాయంతో సీజన్‌లో చాలా భాగం పోయినా 2015లో ఏడో స్థానంలో ఎంపికయ్యాడు. లమెలో బాల్ ఆస్ట్రేలియాలో ఇల్లవర్రా క్లబ్‌కి 12 మ్యాచ్‌లే ఆడాడు, పాదం గాయమైనా 2020లో మూడో ఎంపిక. ఈ ముగ్గురూ విమానం ఎక్కకముందే స్కౌట్‌లందరికీ (జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లకి) తెలిసినవాళ్లు. జెన్నింగ్స్, ముడియెల జీతం పది లక్షల డాలర్లు దాటిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. విదేశీ క్లబ్ వాళ్ల పేరు తయారు చేయలేదు. ఉన్న పేరుకి ఏడాదిపాటు జీతం ఇచ్చింది.

రెండో వైపు కూడా చూడాలి. జెరెమీ టైలర్ 2009లో హైస్కూల్ చివరి ఏడాది కూడా వదిలేసి ఇజ్రాయెల్ వెళ్లాడు, సీజన్ పూర్తికాకుండానే తిరిగి వచ్చాడు. తర్వాత జపాన్‌లో ఆడి 2011లో 39వ స్థానంలో ఎంపికయ్యాడు. బ్రయన్ బోవెన్ 2018లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ క్లబ్‌కి ఆడాడు, 2019 డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు.

మనవాళ్లకి బాగా తెలిసిన పేరు సత్నామ్ సింగ్. పంజాబ్‌లోని బల్లో కే గ్రామం నుంచి ఫ్లోరిడాలోని అకాడమీకి వచ్చి, 2015లో 52వ ఎంపికగా డాలస్ మావెరిక్స్‌కి ఎంపికయ్యాడు. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏకి ఎంపికైన మొదటి ఆటగాడు ఆయనే. మీ ఊరి పక్క జట్టే కాబట్టి మీకు గుర్తుండే ఉంటుంది. కానీ ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. ఇందులో డబ్బుకి సంబంధించిన పాయింట్ ఉంది. మొదటి రౌండ్‌లో ఎంపికైన 30 మంది సంతకం చేస్తే వాళ్లకి మొదటి రెండేళ్ల జీతం గ్యారంటీ. ఇప్పటి లెక్కలో 30వ ఎంపికకి కూడా మొదటి ఏడాది 25 లక్షల డాలర్లకు పైనే. రెండో రౌండ్‌కి అలాంటి గ్యారంటీ ఏదీ లేదు. ‘డ్రాఫ్ట్ అయ్యాడు’ అన్న మాట వినగానే మన ఇళ్లలో జీవితం సెటిల్ అయినట్టు అనుకుంటాం. సెటిల్ అయ్యేది మొదటి 30 మందే.

పదేళ్ల క్రితం మీరు ఈ ప్రశ్న అడిగి ఉంటే నేను ఇంకాస్త తటపటాయించేవాణ్ణి. అప్పుడు కాలేజీ ఆటగాడికి స్కాలర్‌షిప్ తప్ప పైసా రాదు, కాబట్టి విదేశీ జీతానికి విలువ ఉండేది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటోల మీద సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా ఆదాయంలో వాటా ఇస్తున్నాయి. మీకు వచ్చిన 30,000 ఆఫర్ ఆ మార్పు వల్లే. ఆ మార్పు మొదలయ్యాక ప్రవాహం ఎదురు తిరిగింది. హైస్కూల్ వయసు కుర్రాళ్లకి జీతాలిచ్చి ఆడించిన ఇగ్నైట్ జట్టును (ఎన్‌బీఏ కింది స్థాయి జీ లీగ్‌లోది) 2024లో మూసేశారు. రియల్ మాడ్రిడ్‌లో పెరిగిన ఎగోర్ డ్యోమిన్ యూటాలోని కాలేజీకి వచ్చి 2025లో ఎనిమిదో ఎంపికగా బ్రూక్లిన్‌కి వెళ్లాడు. యూరప్ కుర్రాళ్లు అమెరికా కాలేజీలకు వస్తున్న రోజుల్లో, మీరు మీవాడిని అటు పంపాలని చూస్తున్నారు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. క్లబ్ మొత్తం ఇచ్చేది 36,000. కాలేజీ ఇచ్చేది 30,000, పైన ఫీజు, హాస్టల్, భోజనం. ఏజెంట్‌కి 15,000, మీ ఆవిడ ఉండటానికి 40,000 పెడితే యూరప్ ఏడాది మీకు 19,000 నష్టంతో మొదలవుతుంది. అబ్బాయి అక్కడ రూపాయి ఖర్చు పెట్టకపోయినా సరే. పైగా ఆ దేశం షెంగెన్‌లో (ఒకే వీసా నిబంధనలున్న యూరప్ దేశాల కూటమిలో) ఉంటే, విజిటర్‌గా వెళ్లినవాళ్లు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. మీ ఆవిడ 9 నెలలూ తోడుండటం ప్రత్యేక వీసా లేకుండా కుదరదు. ఈ మాట ఏజెంట్ మీకు చెప్పి ఉండాల్సింది.

401(కె) లోన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఉద్యోగం పోతే దాని స్వభావం మారిపోతుంది. మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోపు సర్దుబాటు చేయలేకపోతే, దాన్ని విత్‌డ్రా చేసినట్టే లెక్క వేస్తారు. ఆదాయ పన్నుతో పాటు మీ వయసుకి 10 శాతం పెనాల్టీ. ఐటీలో లేఆఫ్‌లు చూస్తూనే ఉన్నాం. 49 ఏళ్ల వయసులో ఆ డబ్బు మీ ఇద్దరిది. అబ్బాయికి సంపాదించుకునే కాలం ముందుంది, మీకు అంత కాలం లేదు.

ఏజెంట్ విషయంలో నేను గట్టిగా చెబుతాను. నిజమైన ఏజెంట్ ఆటగాడి సంపాదనలోంచి కమిషన్ తీసుకుంటాడు. యూరప్ కాంట్రాక్టుల్లో అది సాధారణంగా 10 శాతం వరకు ఉంటుంది, చాలాసార్లు క్లబ్బే భరిస్తుంది. ఎన్‌బీఏ కాంట్రాక్టుల్లో 4 శాతానికి మించకూడదు. 36,000 కాంట్రాక్టుకి ముందుగా 15,000 అడిగే మనిషికి మీవాడు ఆడినా ఆడకపోయినా ఒకటే, ఎందుకంటే ఆయన డబ్బు ముందే వచ్చేసింది.

ఇన్ని చెప్పినా ఇంట్లో అందరూ కలిసి యూరప్‌కే మొగ్గితే, కనీసం కాంట్రాక్టును డబ్బు సలహాలిచ్చే నాలాంటివాళ్లకీ ఒక స్పోర్ట్స్ లాయర్‌కీ చూపించకుండా సంతకం పెట్టకండి. నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబంలో అబ్బాయి ఇలాగే వెళ్లాడు. క్లబ్ మూడు నెలలు జీతం ఆపింది. వివాదం వస్తే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా వారి బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చన్న ఒక్క వాక్యం కాంట్రాక్టులో లేదు. చివరికి ఆ ఊరి కోర్టులో, అర్థంకాని భాషలో పోరాడలేక వదిలేశారు. ఆ తల్లి నా ఎదురుగా కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంట్లు తిరగేసిన రోజు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. మీ కాంట్రాక్టులో ఆ వాక్యం ఉండాలి. గాయపడితే జీతం కొనసాగుతుందా, స్కానింగ్, ఫిజియోథెరపీ ఖర్చు ఎవరిది, అమెరికాకి వచ్చి చికిత్స చేయించుకుంటే ఎవరు కడతారు అన్నవి రాతలో ఉండాలి. ఎన్‌బీఏ లేదా కాలేజీ పిలిస్తే ఎంత కట్టి బయటపడాలో, అంటే బయౌట్ అంకె ఉండాలి. 2009లో ఐదో స్థానంలో ఎంపికైన రికీ రూబియో అంతటివాడే, స్పెయిన్‌లో బయౌట్ భారం వల్ల 2011 దాకా మిన్నెసోటాకి రాలేకపోయాడు.

‘నెట్’ అంటే అక్కడి పన్ను క్లబ్ కడుతుందని అర్థం. కట్టినట్టు సర్టిఫికెట్ ఇస్తామని రాయించుకోండి. మీవాడు అమెరికా పౌరుడు కాబట్టి ఎక్కడ సంపాదించినా ఇక్కడ రిటర్న్ వేయాలి. విదేశీ సంపాదన మినహాయింపు ఉందిగా అని ఎవరైనా అంటే, దానికి మామూలుగా 12 నెలల్లో 330 రోజులు బయట ఉండాలి. 9 నెలల సీజన్‌కి అది చాలదు. అయినా పన్ను గురించి టెన్షన్ పడకండి. సెప్టెంబరు నుంచి మే దాకా వచ్చే జీతం రెండు పన్ను సంవత్సరాల్లో పడుతుంది కాబట్టి, స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని మామూలు భాగం) పోగా ఇక్కడ కట్టేది స్వల్పమే. కాకపోతే వాణ్ణి ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా రాసుకుంటే 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ మీద పడవచ్చు. అక్కడి బ్యాంకు ఖాతాల్లో మొత్తం ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఫారం) వేయాలి. దాన్ని మర్చిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

అన్నిటికంటే ముఖ్యమైన కాగితం వేరే ఉంది. ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద ఆడి వచ్చాక కాలేజీ తరఫున ఆడనిస్తారా? ఒకప్పుడు సమాధానం దాదాపుగా ‘కుదరదు’. ఈమధ్య పట్టు సడలింది. ఇగ్నైట్‌లో ఆడిన థియరీ డార్లాన్‌కి 2025లో శాంటా క్లారాలో ఆడేందుకు అనుమతి వచ్చింది. కానీ అవన్నీ ఒక్కో కేసుగా తేలుతున్నవి. మీకు స్కాలర్‌షిప్ ఇచ్చిన యూనివర్సిటీలో ఆటగాళ్ల అర్హత నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ‘ఏడాది తర్వాత తిరిగి రావచ్చు’ అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి.

529 డబ్బు సంగతి తేలికే. స్కాలర్‌షిప్ వచ్చినంత మేరకు ఆ ఖాతా నుంచి తీసుకుంటే 10 శాతం పెనాల్టీ ఉండదు, లాభం మీద మాత్రం పన్ను ఉంటుంది. తీయకపోతే ఇంకా మంచిది. ఖాతా తెరిచి 15 ఏళ్లు దాటి ఉంటే, జీవితకాలంలో 35,000 దాకా వాడి రాత్ ఐఆర్‌ఏకి (రిటైర్మెంట్ ఖాతాకి) మార్చవచ్చు. ఏటా ఐఆర్‌ఏ పరిమితి మేరకే, వాడికి ఆ ఏడాది సంపాదన ఉండాలి. కాలేజీ నుంచి వచ్చే వాటాతో ఆ షరతు తీరే అవకాశం ఉంది, మీ పన్నులు చూసే సీపీఏతో ఒకసారి నిర్ధారించుకోండి. ఆ వాటా మీద పన్ను కోసం మాత్రం పావు వంతు విడిగా ఉంచమనండి. సాధారణంగా ఎవరూ ముందే కోయరు, ఏప్రిల్‌లో ఒకేసారి వచ్చి పడుతుంది.

మీ అబ్బాయి ఈ జవాబు చదివితే బాధపడతాడని తెలుసు. యూరప్ ఎక్కడికీ పోదని చెప్పండి. రెండు మూడేళ్లు కాలేజీలో ఆడి, 21 ఏళ్ల వయసులో, మొదటి డివిజన్ క్లబ్‌లతో బేరమాడే స్థితిలో వెళ్లే అమెరికన్లు ఎందరో ఉన్నారు. అప్పుడు వాడికి తోడుగా అమ్మ వెళ్లాల్సిన అవసరమూ ఉండదు. ఈ వారంలో మీరు చేయాల్సింది ఒక్కటే. స్కాలర్‌షిప్ అంగీకారానికి చివరి తేదీ ఏదో యూనివర్సిటీకి ఫోన్ చేసి కనుక్కోండి, అందులోని 30,000 ఏయే షరతుల మీద, ఏ నెలల్లో వస్తుందో కాగితం పంపమనండి. ఆ కాగితం నాకు పంపితే నేను చదివి చెబుతాను.