లీగును చూసి కాదు, ఊరిని చూసి: కబడ్డీ క్లబ్ పెట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకి ఆశీస్సులు.

ఊళ్లో పిల్లలకు క్లబ్ పెడతానని, కబడ్డీయా, వాలీబాలా, ఖోఖోనా తేల్చుకోలేకపోతున్నానని రాశావు. మూడింటికీ ఇప్పుడు టీవీ లీగులు ఉన్నాయి కదా, వీటిలో పదికాలాలు నిలిచేది ఏదని అడిగావు. కబడ్డీ పెట్టు. కానీ లీగును చూసి పెట్టకు. రేపు లీగు ఆగిపోతే ఊళ్లో ఏం మిగులుతుందో లెక్క చూసుకుని పెట్టు.

ఎందుకంటే లీగులు ఆగుతాయి. 2013లో ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ వచ్చింది, తొలి టైటిల్ హైదరాబాద్ హాట్‌షాట్స్ గెలిచింది. ఆ తర్వాత ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ అని పేరు మార్చుకుని 2020 దాకా నడిచి ఆగిపోయింది. అయినా హైదరాబాద్‌లో బ్యాడ్మింటన్‌కు లోటు రాలేదు, కింద అకాడమీలు ఉన్నాయి కాబట్టి. ఫుట్‌బాల్‌లో దీనికి తిరగబడింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) చాంపియన్ అయింది. 2025కల్లా ఆ జట్టు ఢిల్లీకి వెళ్లిపోయింది. అంతటి టైటిల్ గెలిచిన జట్టు మూడేళ్లలో ఊరు విడిచి వెళ్తే, దాన్ని చూసి బంతి పట్టిన పిల్లాడు ఎవరి ఆట చూడాలి?

వాలీబాల్ మన పల్లెల్లో గట్టి ఆటే. కృష్ణా, గుంటూరు వైపు సాయంత్రమైతే నెట్ కట్టని ఊరు తక్కువ. లీగు మాత్రం ఒకసారి విరిగి అతుక్కుంది. 2019లో ప్రో వాలీబాల్ లీగ్ ఒక్క సీజన్ ఆడి, సమాఖ్యతో తగాదా వల్ల నిలిచిపోయింది. 2022లో ప్రైమ్ వాలీబాల్ పేరుతో మళ్లీ లేచింది, అందులో మన హైదరాబాద్ బ్లాక్ హాక్స్ కూడా ఉంది. కబడ్డీ కుదరకపోతే రెండో ఎంపికగా దీన్ని పెట్టుకో. అల్టిమేట్ ఖోఖో 2022లో మొదలైంది, మొదటి ఫైనల్‌కే తెలుగు యోధాస్ చేరింది. ఆట చక్కనిది, ఖర్చు బాగా తక్కువ. మొదటి సీజన్ ఆగస్టులో, రెండోది 2023 డిసెంబరులో జరిగాయి. ఏటా ఫలానా నెలలో లీగు వస్తుందని పిల్లలకు చెప్పలేని స్థితి.

ప్రో కబడ్డీ 2014 జూలై 26న ఎనిమిది జట్లతో మొదలైంది. 2017 నుంచి పన్నెండు జట్లు. కొవిడ్ వల్ల 2020లో జరగలేదు, ఆ తర్వాతి సీజన్ మొత్తం బెంగళూరులోనే ప్రేక్షకులు లేకుండా ఆడారు. అంత దెబ్బ తిని కూడా 2025కి పన్నెండు సీజన్లు పూర్తి చేసింది. ఈ పన్నెండింట్లో ఎనిమిది వేర్వేరు జట్లు టైటిల్ గెలిచాయి. అన్ని ఊళ్ల అభిమానులూ ఆశ వదలకుండా ఉండటానికి ఇదొక పెద్ద కారణం. ఇవన్నీ పైకి కనిపించేవి. నన్ను ఒప్పించింది వేరే ఉంది. లీగు రాకముందే ఈ ఆటలో రైల్వే, సర్వీసెస్ (సైనిక దళాలు), పోలీసు జట్లు ఉన్నాయి, వాటిలో ఉద్యోగాలు ఉన్నాయి. 1990 బీజింగ్ నుంచి ఆసియా క్రీడల్లో పతకం ఉంది. సంక్రాంతికి పందెం కట్టి ఆడే ఊళ్లు ఉన్నాయి. టీవీ కోసం పెట్టిన ‘డూ ఆర్ డై’ కూతను (వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింటు తేవాలి, లేకపోతే అవుట్) ఇప్పుడు బడి పిల్లలు కూడా లెక్కపెట్టుకుని ఆడుతున్నారు. పైన పుట్టిన నియమం కింది దాకా దిగిందంటే ఆ ఆటకు వేళ్లు ఉన్నట్టే.

ఒక లోటు మాత్రం దాచను. తెలుగు టైటాన్స్ తొలి సీజన్ నుంచి ఉంది, ఒక్కసారీ టైటిల్ గెలవలేదు. అంతకంటే బాధ కలిగించేది, ఆ జట్టుకు పేరు తెచ్చినవాళ్లు ఎక్కువగా బయటివాళ్లు కావడం. రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్రలోని కొల్హాపూర్ వైపు. 2023 వేలంలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి తెచ్చుకున్న పవన్ సెహ్రావత్‌ది ఢిల్లీ. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. హర్యానాలో ఊరికో మ్యాట్, మ్యాట్‌కో గురువు ఉన్నారు, మన దగ్గర లేరు. ఆ ఖాళీలో నువ్వు ఒక చిన్న మూల పూడిస్తే చాలు.

ఇక పనిలోకి వద్దాం.

ముందు మట్టి కోర్టు వెయ్యి, మ్యాట్ తర్వాత కొనవచ్చు. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆ వెడల్పులో అటూ ఇటూ ఒక్కో మీటరు లాబీ, అంటే పక్క పట్టీ. మధ్య గీత నుంచి బాక్ లైన్ (కూతగాడు దాటాల్సిన గీత) 3.75 మీటర్లు, అక్కడి నుంచి మీటరు వెనక్కి బోనస్ గీత. అమ్మాయిలకు 12 మీటర్లు, 8 మీటర్లు. వాళ్ల బాక్ లైన్ 3 మీటర్ల దగ్గర వస్తుంది. చాలా ఊళ్లలో ఒకే కోర్టు గీసి అమ్మాయిలనూ అందులోనే ఆడిస్తారు. ఆ అలవాటుతో జిల్లా పోటీకి వెళ్లిన పిల్ల చిన్న కోర్టులో అడుగు లెక్క తప్పి గీత దాటేస్తుంది. రెండు రంగుల సున్నంతో రెండు కొలతలూ గియ్యి.

నేల అర అడుగు లోతు తవ్వి, రాళ్లు, గాజు పెంకులు ఏరేసి, జల్లెడ పట్టిన ఎర్రమట్టి, ఇసుక, కొంచెం రంపపు పొట్టు కలిపి నింపు. ముందురోజు సాయంత్రం తడిపి, తెల్లారి రోలర్ తిప్పు. ఇసుక ఎక్కువైతే పాదం కూరుకుపోయి చీలమండ మెలిపడుతుంది. మట్టి ఎక్కువైతే ఎండకు సిమెంటులా గట్టిపడి మోచేతులు చెక్కుకుపోతాయి. చేత్తో పిడికిలి పట్టి వదిలితే ముద్ద నిలిచి, వేలితో నొక్కగానే విడిపోవాలి. అదే సరైన పాకం.

మ్యాట్ మీటరు చదరపు పలకలుగా వస్తుంది. ముందు 96 పలకలు కొను, అమ్మాయిల కోర్టు పూర్తవుతుంది. ఇంకో 34 చేరిస్తే 130, పెద్ద కోర్టు సరిపోతుంది. మందం 25 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకు. అమ్మేవాడు చూపించిన ముక్కను కాకుండా కట్టలోంచి నువ్వే ఒకటి లాగి, మడమతో తొక్కి చూడు. గుంట వెంటనే పైకి లేవాలి. ఆరుబయట పరిస్తే ఎండకు ఉబ్బి జాయింట్లు లేస్తాయి, పరుగెత్తే కాలి వేలు అక్కడే తగులుతుంది. అందుకని రేకుల షెడ్డు, చదునైన గచ్చు ఉంటేనే మ్యాట్ మాట ఎత్తు. మ్యాట్ అంచు నేలకంటే ఎత్తుగా ఉండటం ఇంకో ప్రమాదం. పట్టులో బయటికి తోసుకుంటూ వచ్చినవాడు ఆ మెట్టు మీదే చీలమండ విరుచుకుంటాడు. చుట్టూ అదే మందంలో మరో వరస పరిపించు, లేదా నేలను మ్యాట్ ఎత్తుకు సమం చేయించు. ప్రతి రోజూ ముందు దుమ్ము, తర్వాత చెమట తుడవాలి. వారానికోసారి క్రిమిసంహారక నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరబెట్టు, లేకపోతే పిల్లలందరికీ తామర పాకుతుంది.

మట్టి నుంచి మ్యాట్ మీదికి మారేటప్పుడే మోకాళ్లు పోతాయి. మట్టిలో పాదం జారుతుంది, దాంతో ఒంటి బరువు తిరగడానికి వీలుంటుంది. మ్యాట్ పాదాన్ని పట్టేస్తుంది, ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మోకాలి లిగమెంటు తెగుతుంది. కాబట్టి మొదటి రెండు వారాలు మ్యాట్ మీద పట్టులు వద్దు. అడుగులు, ఆగడం, తిరగడం, పడటం మాత్రమే. ఒంటికాలి మీద దిగినప్పుడు మోకాలు లోపలికి వంగుతోందేమో పక్కనుంచి కాదు, ఎదురుగా నిలబడి చూడు. వంగుతున్నవాడికి తొడ వెనక కండ, పిరుదు కండ బలపడేదాకా గట్టి కూతలు ఇవ్వకు. మడమ ఎత్తుగా ఉండే పరుగు బూట్లు వేసుకుని వస్తే కోర్టులోకి రానివ్వకు. అడుగు చదునుగా, రబ్బరు సోల్ ఉన్నవే వేసుకోవాలి.

కూత నేర్పేటప్పుడు పిల్లలు చేసే మొదటి తప్పు, మధ్య గీత దాటాక నోరు తెరవడం. కూత గీతకు ముందే మొదలవ్వాలి, రిఫరీకి స్పష్టంగా వినపడాలి. రెండోది, ఎవర్నీ తాకకుండా, బాక్ లైన్ దాటకుండా వెనక్కి రావడం. అలా వస్తే కూతగాడే అవుట్. 30 సెకన్ల గడియారం ఎప్పుడూ ఎదురుగా పెట్టు. మొదటి పది సెకన్లు డిఫెండర్ల బరువు ఏ కాలి మీద ఉందో చూడటానికి, తర్వాతి పది అడుగు వెయ్యడానికి, చివరి పది తిరిగి రావడానికి. ఈ లెక్క ఒంటపట్టాక టో టచ్ (కాలి వేళ్లతో తాకడం), డుబ్కీ (డిఫెండర్ల కింద నుంచి దూరి రావడం) నేర్పవచ్చు. వీడియోలు చూసి మొదటి నెలలోనే డుబ్కీ అడుగుతారు. నడుం వంచి దూరే ఒడుపు లేకుండా చేస్తే మెడ పట్టేస్తుంది. బోనస్ పాయింటు ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే వస్తుంది. ఒక పాదం బోనస్ గీత అవతల ఆని, రెండోది గాల్లో ఉండాలి.

పట్టు దగ్గర నీ కన్ను కత్తిలా ఉండాలి. మడమ పట్టుకు వెళ్లేవాడు తల కూతగాడి మోకాలికి ఎదురుగా పెట్టకూడదు, బయటి వైపుకి పెట్టాలి. పళ్లూ ముక్కులూ పోయేది అక్కడే. కార్నర్ (వరస చివర నిలబడేవాడు) పట్టుకున్న క్షణంలోనే కవర్ (లోపలి వైపు నిలబడేవాడు) కూతగాడి మీద పడాలి. పక్కవాడి సాయం రాని పట్టు పది మంది కోచ్‌లు చెప్పినా పాయింటు తేదు. కోర్టులో ముగ్గురే మిగిలిన పరిస్థితిని రోజూ పావుగంట ఆడించు. ముగ్గురు లేదా అంతకు తక్కువ మంది పట్టుకుంటే రెండు పాయింట్లు వస్తాయి, ఆలౌట్ కూడా వాయిదా పడుతుంది. గ్రామీణ జట్లు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడ సాధన లేకే.

బరువు సంగతి గట్టిగా చెబుతున్నాను. సీనియర్ పురుషులకు 85 కిలోలు, మహిళలకు 75 కిలోలు పరిమితి. పోటీ ముందురోజు నీళ్లు మానేసి, దుప్పటి కప్పుకుని పరుగెత్తి మూడు కిలోలు తగ్గించే పద్ధతి నీ క్లబ్‌లో కాలు పెట్టనివ్వకు. మర్నాడు పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి, ఏళ్లు గడిస్తే కిడ్నీల మీద పడుతుంది. ప్రతి సోమవారం పొద్దున్నే తూకం వేసి పుస్తకంలో రాయి. పరిమితికి రెండు కిలోలు లోపలే ఉంచు. తగ్గాల్సివస్తే వారానికి అర కిలో. జిమ్ముల్లో అమ్మే పొడులు ఎవరూ తినకూడదు. డోపింగ్‌లో దొరికితే ‘నాకు తెలియదు’ అన్న మాట డోపింగ్ నిరోధక సంస్థ నాడా వినదు.

పిల్లల తల్లిదండ్రులకు డబ్బు గురించి ఉన్నదున్నట్టు చెప్పు. ప్రో కబడ్డీ వేలంలో ఇటీవలి సీజన్లలో అన్నిటికంటే పైదైన ‘ఎ’ కేటగిరీ కనీస ధర 30 లక్షలు, కింది ‘డి’ కేటగిరీది 9 లక్షలు. కోటి దాటేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అది కూడా సీజన్‌కు ఇచ్చే డబ్బు, నెలజీతం కాదు. మోకాలు పోతే మరుసటి ఏడు పిలుపు రాదు. అమ్మాయిలకు 2016లో మూడు జట్లతో చిన్న పోటీ పెట్టారు, అది కొనసాగలేదు. కాబట్టి ప్రతి పిల్లకూ పిల్లాడికీ మొదటి గురి స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, డిగ్రీ తప్పనిసరి. దీనికి సర్టిఫికెట్లే ఆయువుపట్టు. కేంద్ర ఉద్యోగాలకైతే, జాతీయ పోటీల్లో ఆడినదానికి ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, పాఠశాల జాతీయ పోటీలకు ఫారం-4 కావాలి. ఆడిన వారంలోనే సంతకాలు చేయించు, ఏళ్ల తర్వాత తిరిగితే సంతకం పెట్టాల్సినవాళ్లే మారిపోయి ఉంటారు. కబడ్డీ సమాఖ్య వ్యవహారాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగాయి, పోటీ సంఘాలు పుట్టాయి. ఎంట్రీ ఫీజు కట్టేముందు ఆ పోటీకి గుర్తింపు ఉందో లేదో జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో అడుగు. గుర్తింపు లేని కప్పు ఇంట్లో అలంకారానికి తప్ప ఉద్యోగానికి పనికిరాదు. వయసు తగ్గించి సర్టిఫికెట్ తెచ్చే తల్లిదండ్రులు వస్తారు, నిర్మొహమాటంగా వెనక్కి పంపు.

ఆటకు సంప్రదాయం ఎలా కట్టాలని అడిగావు. తేదీ, చోటు మార్చకు. కనుమ మర్నాడంటే ఎన్నేళ్లయినా కనుమ మర్నాడే. ప్రో కబడ్డీ ఈ విషయంలోనే బలహీనంగా ఉంది. 2025 సీజన్ విశాఖ, జైపూర్, చెన్నై, ఢిల్లీల్లోనే జరిగింది, చాలా జట్లకు సొంత ఊళ్లో ఆటే లేదు. విశాఖవాళ్లు మళ్లీ టైటాన్స్‌ను తమ ఊళ్లో చూడటానికి ఏళ్లు ఎదురుచూశారు. నీ పోటీ ఆ తప్పు చెయ్యకూడదు. రాసిన టైముకే ఈల వెయ్యి, ముఖ్య అతిథి కోసం ఆపకు. అమ్మాయిల ఫైనల్ మిట్టమధ్యాహ్నం కాకుండా లైట్ల కింద, జనం నిండా ఉన్నప్పుడు పెట్టు. కప్పు కొత్తది ఏటా కొనకు, ఒకటే పెద్దది చేయించి గెలిచిన జట్టు పేరు, సంవత్సరం దాని మీద చెక్కించు. ప్రతి కూతా స్కోరు పుస్తకంలో ఎక్కాలి. ఎవరు వెళ్లారు, ఎవరిని తాకారు, ఎవరు పట్టారు అన్నీ. పదేళ్లకు ఆ పుస్తకాలే ఊరి కబడ్డీ చరిత్ర అవుతాయి, కోచ్‌గా నీకూ అంతకంటే మంచి పాఠం దొరకదు. పాత ఆటగాళ్లకు సైడ్‌లైన్ దగ్గర ముందు వరస కుర్చీలు వేయించి, పేరు పిలిచి కూర్చోబెట్టు.

మొదటి ఏడాది ఇరవై మందికి మించి చేర్చుకోకు, పన్నెండు మంది అబ్బాయిలు, ఎనిమిది మంది అమ్మాయిలు. వారానికి నాలుగు రోజులు మట్టి, ఒక రోజు పరుగు, కండ బలం, ఒక రోజు విశ్రాంతి, ఆదివారం ఆట. ప్రథమ చికిత్స పెట్టెలో ఐస్, క్రేప్ బ్యాండేజీలు, పట్టీ టేపు ఎప్పుడూ ఉండాలి. దగ్గరలో ఎముకల డాక్టరు ఎవరో, రాత్రి పూట ఎక్కడ దొరుకుతారో ముందే కనుక్కో. మట్టి తోలే ట్రాక్టరుకు బేరం కుదిరాక కోర్టు కొలతల కాగితం నాకు పంపు, గీతలు వెయ్యకముందే ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య