పాఠకుల ప్రశ్నలు: క్రిస్మస్ పండుగ ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: యేసుక్రీస్తు డిసెంబరు 25న పుట్టినట్లు బైబిల్లో ఎక్కడా లేదని, రోమన్లు చేసుకునే సూర్యుడి పండుగనే క్రైస్తవులు తమ పండుగగా మార్చుకున్నారని మా అబ్బాయి ఫోనులో ఏదో వీడియో చూసి నాతో వాదిస్తున్నాడు. నేను ఊహ తెలిసినప్పటి నుంచి చర్చికి వెళ్తున్నదాన్ని. వాడికి ఏం జవాబు చెప్పాలో తెలియడం లేదు. నిజం ఏమిటి?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పిన రెండు మాటల్లో మొదటిది పూర్తిగా నిజం. రెండోది చాలామంది పండితులు నమ్మిన ఊహే గానీ, రుజువైన విషయం కాదు.

నాలుగు సువార్తల్లో యేసు పుట్టుకను వివరించేవి మత్తయి, లూకా మాత్రమే. మార్కు సువార్తలో ఆయన నేరుగా బాప్తిస్మం పొందడానికి వచ్చిన యువకుడిగా కనిపిస్తాడు. యోహాను సువార్త సృష్టికి ముందే ఉన్న ‘వాక్యము’తో మొదలవుతుంది. మత్తయి గానీ, లూకా గానీ నెలా తేదీ రాయలేదు. గొర్రెల కాపరులు రాత్రివేళ పొలంలో మందను కాచుకుంటున్నారని లూకా చెప్పాడు కాబట్టి అది చలికాలమై ఉండదని కొందరు అంటారు. ఆ ఒక్క వాక్యంతో ఋతువును తేల్చడం సబబు కాదని నా అభిప్రాయం.

మొదటి రెండు వందల ఏళ్ళ క్రైస్తవులు ఆ తేదీ కోసం పెద్దగా వెతకలేదన్నది అంతకంటే ముఖ్యమైన సంగతి. వాళ్ళ పెద్ద పండుగ ఈస్టర్, అంటే ప్రభువు మరణ పునరుత్థానాల పండుగ. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా నగరపు క్రైస్తవ పండితుడు క్లెమెంట్, యేసు పుట్టినరోజు మే 20 అని కొందరు, ఏప్రిల్‌లో అని మరికొందరు లెక్క కడుతున్నారని రాశాడు. ఆ లెక్కల్లో డిసెంబరు 25 లేనే లేదు. తర్వాతి తరపు మహా పండితుడు ఒరిజెన్ అయితే, లేఖనాల్లో పుట్టినరోజు వేడుకలు చేసుకున్నవారు ఫరో, హేరోదు వంటివారే తప్ప భక్తులు ఎవరూ లేరని బోధించాడు. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షులను కూడా వాళ్ళు చనిపోయిన రోజునే తలుచుకునేవారు.

డిసెంబరు 25 మనకు స్పష్టంగా కనిపించేది, 354లో రోములో తయారైన పంచాంగం లాంటి ఒక గ్రంథంలో. అందులోని హతసాక్షుల వర్ధంతుల పట్టిక మొదట్లోనే, ఆ తేదీన యూదయ దేశపు బేత్లెహేములో క్రీస్తు పుట్టాడని ఒక్క పంక్తి ఉంది. ఆ పట్టిక 336 నాటిదని పండితులు లెక్క కట్టారు. అదే గ్రంథంలోని మరో పట్టికలో, అదే తేదీకి ఎదురుగా ‘అజేయుని జన్మదినం’ అని ఉంది. ఆ అజేయుడు సూర్యుడు. ఔరేలియన్ చక్రవర్తి 274లో ఆయనకు రోములో గుడి కట్టించాడు. చూశారా, సూర్యుడికి ఆ రోజున పండుగ ఉందని గట్టిగా చెప్పే తొలి ఆధారమూ, క్రీస్తు జననానికి ఆ తేదీని చూపే తొలి ఆధారమూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఎవరిని చూసి ఎవరు మొదలుపెట్టారో ఆ పుస్తకం నుంచి తేల్చలేం.

ఇంకో వివరణ ఉంది. లూయీ డుషేన్ అనే ఫ్రెంచి చరిత్రకారుడు 1889లో దాన్ని గట్టిగా ముందుకు తెచ్చాడు. యేసు సిలువ మరణం మార్చి 25న జరిగిందని లాటిన్ క్రైస్తవులు నమ్మేవారు. తెర్తుల్లియన్ అనే లాటిన్ క్రైస్తవ రచయిత కాలానికే, అంటే మూడో శతాబ్దపు తొలినాళ్ళకే, ఆ లెక్క ఉంది. యేసు ఏ రోజున ప్రాణం విడిచాడో అదే రోజున తల్లి గర్భంలో పడ్డాడని వాళ్ళు భావించారు. ఈ నమ్మకాన్ని బిషప్ అగస్టీన్ స్పష్టంగా రాసిపెట్టాడు. మార్చి 25 నుంచి తొమ్మిది నెలలు లెక్కపెట్టండి, డిసెంబరు 25 వస్తుంది. తూర్పు దేశాల క్రైస్తవుల్లో కొందరు మరణదినం ఏప్రిల్ 6 అనుకున్నారు. అక్కడి నుంచి తొమ్మిది నెలలకు జనవరి 6 వస్తుంది. తూర్పున మొదట్లో ఈ పండుగ జరిగింది సరిగ్గా ఆ రోజునే. ఈ లెక్క నిజమైతే, క్రిస్మస్ తేదీ సూర్యుడి గుడిలోంచి కాక శుభ శుక్రవారం నుంచి పుట్టిందన్నమాట. నాకు ఈ వివరణే బలంగా తోస్తుంది.

అయినా రెంటికీ వైరం లేదు. ‘నీతి సూర్యుడు ఉదయించును’ అన్న మలాకీ ప్రవచనాన్ని క్రైస్తవులు మొదటి నుంచీ క్రీస్తుకే అన్వయించారు. పొద్దు పెరగడం మొదలయ్యే రోజుల్లో ఈ పండుగ వస్తుందని గమనించిన అగస్టీన్, పొద్దు తగ్గడం మొదలయ్యే జూన్ చివర బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టినరోజు రావడాన్ని దానికి జోడించి, ‘ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది’ అన్న యోహాను మాటకు ఆకాశమే సాక్ష్యమని ప్రసంగించాడు. ఉత్తరాయణాన్ని పుణ్యకాలంగా ఎంచే మన నేలపై ఆ పోలిక అర్థం కాని వారుండరు. అయితే సూర్యారాధన మాత్రం పూర్తిగా పోలేదు. అయిదో శతాబ్దంలో పోపు మొదటి లియో, రోములోని పేతురు దేవాలయం మెట్ల మీద ఆగి ఉదయించే సూర్యుడికి తలవంచి లోపలికి వచ్చేవారిని మందలించాడు. మీ అబ్బాయికి ఈ సంగతి కూడా దాచకుండా చెప్పండి.

ప్రశ్న: ప్రతి ఏటా మా సంఘ యువకులు తాటాకులతో పశువుల పాక వేసి ఎద్దును, గాడిదను, ముగ్గురు జ్ఞానులను పెడతారు. సత్రం యజమాని నిండు చూలాలైన మరియను గుమ్మం దగ్గరే పొమ్మన్నట్లు నాటకం వేస్తారు. ఇవన్నీ బైబిల్లో ఉన్నవేనా?
— ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: పాక లేదు, ఎద్దు లేదు, గాడిద లేదు, సత్రం యజమాని అసలే లేడు. ఉన్నది తొట్టి. బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టి, సత్రంలో స్థలం లేనందున పశువుల తొట్టిలో పరుండబెట్టిందని లూకా రాశాడు. ఈ ‘సత్రము’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి.

లూకా గ్రీకులో ఇక్కడ వాడిన పదం ‘కటాలుమా’. ఆ పదాన్నే ఆయన తన సువార్త 22వ అధ్యాయంలో మళ్ళీ వాడాడు. యేసు శిష్యులతో కడరాత్రి పస్కా భుజించిన గది అది. అక్కడ మన తెలుగు బైబిలు దాన్ని ఎంతో చక్కగా ‘విడిది గది’ అంది. డబ్బు తీసుకుని బాటసారులకు బస ఇచ్చే చోటు గురించి చెప్పవలసి వచ్చినప్పుడు లూకా వాడినది వేరే పదం. మంచి సమరయుడి ఉపమానంలో గాయపడినవాణ్ణి చేర్చిన చోటు అది. తెలుగు బైబిలు దాన్ని ‘పూటకూళ్లవాని యిల్లు’ అంది. ఒకే రచయిత పూటకూళ్ళ ఇంటికి ఒక మాట, విడిది గదికి ఒక మాట తేడాగా వాడుతున్నప్పుడు, యేసు పుట్టిన రాత్రి చోటు లేనిది పూటకూళ్ళ ఇంట్లో కాక విడిది గదిలోనే అని చదవడం సమంజసం.

అలా చదివితే దృశ్యమే మారిపోతుంది. బేత్లెహేము యోసేపు పూర్వీకుల ఊరు. జనసంఖ్య రాయించుకోవడానికి వచ్చిన బంధువులతో ఇల్లు కిక్కిరిసి ఉంది. పెళ్ళికి చుట్టాలందరూ ఒక్కసారి దిగినప్పుడు మన ఇళ్ళలో ఎక్కడ చాప కనిపిస్తే అక్కడ నడుం వాల్చినట్లే అక్కడా ఉండి ఉంటుంది. ఆ కాలపు పల్లె ఇళ్ళలో మనుషులు కాస్త ఎత్తైన భాగంలో పడుకునేవారు, రాత్రిళ్ళు పశువులను అదే ఇంటిలోని పల్లపు భాగంలో కట్టేసేవారు. తొట్టి ఆ రెంటి మధ్య ఉండేది. పసికందుకు గడ్డి పరిచిన తొట్టి కంటే మంచి ఊయల ఆ రాత్రి దొరకలేదు. అది ఒక గుహ అని రెండో శతాబ్దంలోనే జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాశాడు. ఆ ప్రాంతంలో గుహలకు ఆనించి ఇళ్ళు కట్టుకునేవారు కాబట్టి ఇది కూడా పొసగని మాట కాదు. ఇవాళ బేత్లెహేములోని జన్మస్థల దేవాలయం నిలిచి ఉన్నది ఆ గుహ పైనే.

ఎద్దూ గాడిదా యెషయా గ్రంథం మొదటి అధ్యాయం నుంచి వచ్చాయి. ఎద్దుకు తన యజమాని తెలుసు, గాడిదకు తన దొడ్డి తెలుసు, నా జనులకే తెలియదు అని దేవుడు బాధపడే మాట అది. జ్ఞానులు ఎందరో మత్తయి చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు కాబట్టి మనుషులను కూడా ముగ్గురిని చేశారు. వాళ్ళు వచ్చింది కూడా ‘ఇంటిలోనికి’ అనే మత్తయి రాశాడు. బొమ్మలు పెట్టే ఆచారాన్ని జనంలోకి తెచ్చినవాడు అస్సీసీ ఫ్రాన్సిస్. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో గడ్డి నింపిన తొట్టిని, నిజమైన ఎద్దును, గాడిదను పెట్టించి, అక్కడే పూజ జరిపించాడు. బిడ్డ పడుకున్న చోటు ఎంత పేదదో జనం కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక.

కాబట్టి మీ యువకులు పాక వేయడం మానవలసిన పని లేదు. నాటకంలో మాత్రం, లేని సత్రం యజమానిని కసాయివాడిగా చూపే బదులు, ఉన్న కాస్త చోటును సర్ది ఇచ్చిన ఒక నిండు ఇంటిని చూపమని వాళ్ళకు చెప్పి చూడండి.

ప్రశ్న: క్రీస్తు క్రీస్తు పూర్వమే పుట్టాడని ఒక వ్యాసంలో చదివాను. అదెలా సాధ్యం?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: క్రీస్తు శకాన్ని లెక్కగట్టినవాడు డయొనీషియస్ అనే సన్యాసి, 525లో. ఆ లెక్కలో కొన్నేళ్ళ తేడా వచ్చింది. యేసు పుట్టినప్పుడు హేరోదు రాజు బతికే ఉన్నాడని మత్తయి చెబుతున్నాడు. హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు. అందుకే యేసు జననాన్ని సాధారణంగా క్రీ.పూ. 6, 4 మధ్య పెడతారు.

ప్రశ్న: మా ఆఫీసులో పనిచేసే రష్యా దేశస్థుడు జనవరి 7న క్రిస్మస్ చేసుకుంటాడు. వాళ్ళ లెక్క వేరా?
— ఒక పాఠకుడు, డల్లాస్, అమెరికా

జవాబు: వాళ్ళదీ డిసెంబరు 25వ తేదీనే, కాకపోతే పాత జూలియన్ క్యాలెండరు ప్రకారం. 1582లో వచ్చిన గ్రెగోరియన్ క్యాలెండరుకు, దానికి ఇప్పుడు 13 రోజుల తేడా ఉంది. ఆర్మేనియా సంఘం సంగతి వేరు. వాళ్ళు ప్రాచీన తూర్పు సంప్రదాయాన్ని విడవకుండా, జననాన్నీ బాప్తిస్మాన్నీ కలిపి ఒకే పండుగగా జనవరి 6న ఆచరిస్తారు.

ప్రశ్న: మా పుట్టింటి సంఘంలో క్రిస్మస్ చేయరు, అది మనుషులు పెట్టుకున్నదంటారు. అత్తగారింట్లో డిసెంబరు మొదలు కాగానే సెమీ క్రిస్మస్‌లు, కేకులు, స్టార్లు. రెంటి మధ్యా నలుగుతున్నాను. చేయకపోతే తప్పా? ఇంతకీ ఈ పండుగకు అసలు అర్థం ఏమిటి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, చేయకపోవడం తప్పు కాదు. లేఖనాల్లో ఆజ్ఞ లేని పండుగ మాకు వద్దన్నవారు చరిత్రలో చాలామందే ఉన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ వలసలో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకున్నవారికి అయిదు షిల్లింగుల జరిమానా వేసే చట్టం ఉండేది. దాన్ని చేసినవాళ్ళు కూడా ప్రార్థనాపరులే. మీ పుట్టింటివారి పట్టుదల వెనుక ఉన్న భక్తిని చిన్నచూపు చూడకండి.

ఇక అర్థం. ఈ పండుగ వేగంగా పాకిన నాలుగో శతాబ్దం, యేసు ఎవరు అనే ప్రశ్న మీద సంఘం రెండుగా చీలిన కాలం. ఆయన దేవుడు సృజించిన గొప్ప ప్రాణి మాత్రమేనా, లేక దేవుడేనా? 325లో బిషపులు కూడిన నికయ సభ దేవుడే అని చెప్పింది. అంతియొకయ నగరంలో యోహాను క్రిసోస్తొమ్ అనే బోధకుడు 386లో ప్రసంగిస్తూ, ఈ పండుగ తమ ఊరికి తెలిసి పదేళ్ళు కూడా కాలేదన్నాడు. తొట్టిలోని బిడ్డ దేవుడే అని ఏటేటా ప్రజలకు చెప్పడానికి ఇంతకంటే మంచి రోజు ఆ బోధకులకు దొరకలేదు.

‘ఆ వాక్యము శరీరధారియై మనమధ్య నివసించెను’ అని యోహాను సువార్త. ‘నివసించెను’ అన్న చోట గ్రీకు మాటకు అర్థం, గుడారం వేసుకున్నాడని. ఇశ్రాయేలీయులు అరణ్యంలో నడిచినన్నాళ్ళూ వాళ్ళ గుడారాల మధ్య దేవుడి సన్నిధికి ఒక ప్రత్యక్షపు గుడారం ఉండేది. ఆ జ్ఞాపకాన్ని యోహాను తట్టి లేపుతున్నాడు. దేవుడు దూరం నుంచి కబురు పంపలేదు, మన గుడారం పక్కన తన గుడారం వేసుకున్నాడు అని దాని భావం. మనం ఎరిగిన అవతారమనే భావనకు ఇది దగ్గరగా కనిపించినా, క్రైస్తవ విశ్వాసం దీన్ని ఒక్కసారే జరిగినదిగా, వేషం కాని నిజమైన మనిషితనంగా చెబుతుంది: ఆకలి, అలసట, కన్నీళ్ళు, చివరికి చావు. అందుకే తూర్పు సంఘాల జనన చిత్రపటాల్లో తొట్టిని శవపేటికలా, పొత్తిగుడ్డలను ప్రేతవస్త్రాల్లా గీస్తారు. జ్ఞానులు తెచ్చిన బోళం కూడా, యోహాను సువార్తలో సమాధి చేసే వేళ నీకొదేము తెచ్చిన సుగంధాల్లో మళ్ళీ కనిపిస్తుంది.

సెమీ క్రిస్మస్‌ల గురించి నా మనసులో మాట ఒకటి చెబుతాను. పాత సంఘాల్లో పండుగకు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం; ఎదురుచూపుకూ పశ్చాత్తాపానికీ కేటాయించినవి. పండుగ ఆ తర్వాత మొదలై పన్నెండు రోజులు సాగేది. మనం డిసెంబరు మొదటి వారంలోనే కేకు కోసేసి, 26వ తేదీ పొద్దున్నే స్టారు దించేస్తున్నాం. ఎదురుచూడడం అనే సగం పండుగ అలా పోతోందని నాకు నిజంగా బాధ. మీ అత్తవారింట్లో సంబరాలు ఎలా ఉన్నా, ఆ నాలుగు వారాలు రాత్రిపూట లూకా మొదటి రెండు అధ్యాయాలు కొంచెం కొంచెంగా చదువుకోండి. పుట్టింటివారికి కూడా దానిలో అభ్యంతరం ఉండదు.

వీలైతే ఒకసారి మెదక్ వెళ్ళి రండి. కరువు రోజుల్లో పని కల్పించి, ఆకలితో ఉన్నవారికి తిండి పెడుతూ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. అందులో రంగు అద్దాల కిటికీలు మూడు: ఒకదానిలో జననం, ఒకదానిలో సిలువ, ఒకదానిలో ఆరోహణం. వాటికి బయటి వెలుతురే ఆధారం. పొద్దు వాలితే బొమ్మలు కనిపించవు. అందుకని పగటివేళే చేరుకోండి. జననం కిటికీ ముందు నిలబడి తృప్తిగా చూశాక, అక్కడే తల తిప్పి సిలువ కిటికీని కూడా చూడండి.