కీబోర్డు అటకెక్కిస్తే ర్యాంకు దిగిరాదు

ప్రశ్న: మాది గాజువాక. మావారు పోర్టులో పనిచేస్తారు. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. కీబోర్డు, గిటారు, చిన్న గిటారులాంటి ఉకులేలే, వేణువు వాయిస్తాడు, ఒక్కటీ పూర్తిగా నేర్చుకోడు. సొంతంగా పాటలు కట్టి, అన్నీ తనే వాయించి, తనే పాడి యూట్యూబులో పెడుతున్నాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, ఇండీ మ్యుజీషియన్‌ని అవుతా (ఏ కంపెనీ కిందా లేకుండా సొంత పాటలు చేసుకోవడమట), వీడియో గేములకి సంగీతం చేస్తా అంటున్నాడు. బెంగళూరులో ఒక సంస్థ ఏడాది డిప్లొమాకి ఆరు లక్షలు కట్టమంటోంది, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అట. పరీక్షలయ్యేదాకా కీబోర్డు అటక మీద పెట్టేశాను. అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మావారేమో గేములంటే రమ్మీ లాంటివే కదా అంటారు. మా ఆడపడుచు కొడుకు బీటెక్ చేసి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. బీటెక్, సంగీతం రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.
– ఒక తల్లి

జవాబు: ముందు ఆ కీబోర్డు కిందకి దించండమ్మా, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. అటక మీది వేడికి, దుమ్ముకి, మన ఊరి ఉప్పుగాలికి మీటల కింద కాంటాక్టులు పాడైతే బాగుచేయించే ఖర్చూ మీదే. అయినా వాయిద్యం కంటికి కనపడకపోతే పిల్లవాడు ఫిజిక్స్ చదువుతాడన్న నమ్మకం మనకి ఎక్కడినుంచి వచ్చిందో! బ్యాటు దాచిన తల్లులు, ఫోను బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకు తిరిగే తండ్రులు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. దాచాక మార్కులు పెరిగాయని చెప్పడానికి వచ్చినవాళ్లు మాత్రం లేరు. రోజూ ఓ గంట వాయించుకోనివ్వండి. ఏ గంటో వాడినే చెప్పమనండి.

మీరడిగింది పోలిక. కానీ ఉత్తరం నడిమధ్యలో రాసిన మాట వేరే ఉంది: నాతో సరిగ్గా మాట్లాడటం లేదు అని. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఒకరి బిడ్డకి ఫొటోగ్రఫీ, ఒకరికి ఫుట్‌బాల్, ఒకరికి యానిమేషన్. అందరూ కోర్సు పేరు, ఫీజు, జీతం అడుగుతారు. అడగనిది ఒకటే, పిల్లవాడు మన చెయ్యి దాటిపోతున్నాడా అని. పదిహేడేళ్లవాడు అటు ఇటుగా చెయ్యి దాటే వయసులోనే ఉన్నాడు. చదువుకుంటానన్నా దాటేవాడే. వాడు మిమ్మల్ని అడిగి మరీ చెబుతున్నాడంటే ఇంకా ఇంటి మీద నమ్మకం ఉన్నట్టే. అడ్మిషన్ తీసుకున్నాక ఇంట్లో చెప్పే పిల్లల్ని కూడా చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను.

మీవారి సందేహం ముందు తీర్చేద్దాం. డబ్బు పెట్టి ఆడే రమ్మీలాంటివాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్రం చట్టం తెచ్చి దేశమంతటా డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలకి అడ్డుకట్ట వేసింది. మీవాడు చెప్పేది వాటి గురించి కాదు. కథ, పాత్రలు, బొమ్మలు, సంగీతం ఉండి, సినిమాలా మనుషులు కూర్చుని తయారుచేసే ఆటల గురించి. ఆ సంగీతానికి ఎంత మర్యాద వచ్చిందంటే గ్రామీ అవార్డుల్లో 2023 నుంచి దానికి విడిగా ఒక విభాగమే ఉంది.

ఇక ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరాన్ని బట్టి ఇంట్లో ఎవరూ వాణ్ణి ఆ మాట అడిగినట్టు లేదు. సినిమాలో ఒక సీను రెండు నిమిషాలంటే రెండు నిమిషాలే, సంగీతం దానికి కొలిచి కుట్టినట్టు ఉంటుంది. ఆటలో ఆ కొలత ఉండదు. ఒకడు గుహలో పది సెకన్లు ఉంటాడు, ఇంకొకడు దారి తెలియక ఇరవై నిమిషాలు తిరుగుతాడు. ఇద్దరికీ విసుగు రాకూడదు, శత్రువు ఎదురుపడగానే సంగీతం మారిపోవాలి. మన పెళ్లిళ్లలో సన్నాయి మేళాన్ని గుర్తు తెచ్చుకోండి. రాగం తాపీగా నడుస్తుంటుంది, పంతులుగారు చెయ్యి ఊపి గట్టిమేళం అనగానే ఎక్కడున్న రాగం అక్కడ వదిలి డోలు దంచేస్తారు, తాళి కట్టడం అయ్యాక మళ్లీ తాపీలోకి దిగుతారు. ముహూర్తం ఎన్ని సెకన్లకో వాళ్లకి ముందే తెలియదు. గేమ్ కంపోజర్ చేసేదీ అదే, కాకపోతే మేళగాడి బుద్ధిని కంప్యూటర్‌కి ముందుగా నేర్పి పెట్టాలి. అందుకే పాటని ముక్కలుగా, పొరలుగా రాస్తారు. ఏ పొర ఎప్పుడు కలవాలో ఎఫ్‌మాడ్, వైజ్ అనే సాఫ్ట్‌వేర్లలో అమరుస్తారు. అవి చిన్న ప్రాజెక్టులకి ఉచితం, నేర్చుకోవడానికీ ఉచితమే. వీటి పేర్లు మీవాడి నోట ఎప్పుడైనా వచ్చాయా? రాకపోతే వాడికి నచ్చింది ఆటలు ఆడటమా, వాటికి పని చేయడమా అన్నది ఇంకా తేలాలి. కోప్పడకుండా అడగండి.

నాలుగు వాయిద్యాలు వాయించడం గురించి మీరు కొంచెం విసుగ్గా రాశారు, ఒక్కటీ పూర్తిగా నేర్చుకోడు అన్నట్టు. ఈ పనిలో అది లోపమేమీ కాదు. చిన్న ఆటలకి వాద్యబృందాన్ని పెట్టుకునే డబ్బుండదు, గిటారూ పాటా చప్పుళ్లూ అన్నీ ఒక్కడే చేయాలి. అమెరికాలో డారెన్ కార్బ్ అనే ఆయన ఉన్నారు. బ్యాండుల్లో వాయించుకునే మనిషి. చిన్ననాటి స్నేహితుడు ఇంకొకరితో కలిసి గేమ్ స్టూడియో పెడితే, 2011లో వచ్చిన వాళ్ల మొదటి ఆట బాస్టియన్‌కి సంగీతం, శబ్దాలు రెండూ ఈయనే చేశారు. రికార్డింగ్ చాలావరకు న్యూయార్క్‌లో తను ఉండే అపార్ట్‌మెంట్ బట్టల అలమరలోనే జరిగింది. ఆ ఆట బాగా అమ్ముడుపోయింది, ఈయన ఇప్పటికీ ఆ స్టూడియోలోనే సంగీతం చేస్తున్నారు.

ఈ కథ మీవాడికి తెలిసే ఉంటుంది. ఇలాంటివి వాళ్లకి కంఠతా వచ్చు. కంఠతా రానిది ఇంకొకటి చెబుతాను. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట 2016లో వచ్చింది. ఎరిక్ బరోన్ అనే కుర్రాడు ప్రోగ్రామింగ్, బొమ్మలు, కథ, సంగీతం అన్నీ ఒక్కడే చేశాడు. నాలుగేళ్లకి పైగా పట్టింది. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేసి, ఉద్యోగం దొరక్క మొదలుపెట్టిన పని అది. అన్నాళ్లూ సాయంత్రాలు ఒక థియేటర్‌లో ప్రేక్షకులకి సీట్లు చూపించే పని చేశాడు, ఇల్లు గడిచింది ఎక్కువగా ఆయన సహచరి సంపాదన మీద. ఆట లక్షల కాపీలు అమ్ముడుపోయాక అందరూ మొదటి సగమే చెప్పుకుంటారు. నేను మాత్రం పిల్లల్ని ఆ రెండో సగమే అడుగుతాను: ఆ నాలుగేళ్లు నీ బియ్యం ఎవరు కొంటారు?

మన దేశానికి వద్దాం. గేమ్ స్టూడియోలు ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు, పుణేల్లో ఉన్నాయి. వాటిలో సౌండ్ డిజైనర్ ఉద్యోగాలు, అంటే ఆటలోని చప్పుళ్లు తయారుచేసే పని, కొన్ని ఉంటాయి. నెల జీతం మీద కంపోజర్‌ని పెట్టుకునే చోటు అరుదు. మిగతాదంతా ఒక్కో ఆటకి విడిగా, తయారైన నిమిషానికి ఇంత అని మాట్లాడుకునే పని. పుణేకి చెందిన స్టూడియో ఒకటి 2020లో రాజీ అనే ఆట తెచ్చింది. మన పురాణాలు, మన గుళ్లు, దుర్గ, విష్ణువు. దాని సంగీతం చేసింది గ్రీసు దేశస్థుడు. దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. గాజువాకలో కూర్చుని గ్రీసువాళ్ల ఆటకి మీవాడు చేయొచ్చు, గాజువాక పక్కవీధి ఆటని గ్రీసువాడు తన్నుకుపోవచ్చు. రెండూ నిజమే. దీనికి తోడు 2023 నుంచి ప్రపంచమంతా గేమ్ కంపెనీలు వేలమందిని తీసేశాయి. నాలుగు మాటలు టైపు చేస్తే పాట తయారుచేసిచ్చే ఏఐ కూడా వచ్చింది. చవకగా బ్యాక్‌గ్రౌండ్ సంగీతం చేసిచ్చి పూట గడుపుకునే మెట్టు ఉండేది చూడండి, కొత్తవాళ్లు ముందు కాలు పెట్టేది అక్కడే. ఇప్పుడు కదులుతున్నది సరిగ్గా అదే. ఇండీ పాటల సంగతీ అంతంతే. పాటలు వినే యాప్ స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాట ఏడాదిలో వెయ్యిసార్లయినా వినపడకపోతే పైసా లెక్కకట్టరు. వెయ్యి దాటినా చేతికొచ్చేది టీ ఖర్చే. తెలుగులో సొంత పాటలు పాడేవాళ్లు బతికేది కచేరీలు, పెళ్లి సంగీత్‌లు, ప్రకటనలు, సినిమా కోరస్‌ల మీద.

ఇప్పుడు ఆరు లక్షల సంగతి. నా అనుమానాలన్నీ ఇక్కడే ఉన్నాయి. ఆ సంస్థ పేరు నాకు అనవసరం, ఇలాంటివి ఊరూరా పుడుతున్నాయి. గ్యారంటీ అన్న మాట వినపడగానే మీరు ఆగి ఉండాల్సింది. ఉద్యోగాలే అరుదుగా ఉన్న పనిలో ప్లేస్‌మెంట్ గ్యారంటీ ఎలా ఇస్తారమ్మా? వాళ్లని అడగండి: గేమ్ ఆడియోలో చేరినవాళ్లు ఎవరు, ఏ స్టూడియో, ఏ ఆట, క్రెడిట్స్‌లో పేరు చూపించండి అని. ఆట చివర పేర్లు పడతాయి, దాచేదేమీ ఉండదు. సమాధానంగా ఫలానా చోట ఇంటర్న్‌షిప్, ఫలానా ఛానల్‌లో ఎడిటింగ్ అంటూ తిప్పితే ఫోను పెట్టేయండి. ఈ రంగంలో పని ఇచ్చేవాడు సర్టిఫికెట్ అడగడు. చేసినవి వినిపించు అంటాడు. ఆ డిప్లొమాలో నేర్పే సాఫ్ట్‌వేర్ చూడండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అరవై రోజులు ఊరికే వాడుకోవచ్చు, తర్వాత సొంతానికి వాడుకునేవాళ్లకి తగ్గింపు లైసెన్సు అరవై డాలర్లు. గోడో అనే గేమ్ ఇంజిన్, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం. ఒక మంచి హెడ్‌ఫోన్, ఓ మైకు, ఉప్పుగాలికి తుప్పు పట్టే గిటారు తీగలు ఎప్పటికప్పుడు మార్చుకోవడానికి కాస్త డబ్బు. మొదటి రెండేళ్లకి ఇంతకన్నా కావాల్సింది ఏమీ కనపడటం లేదు నాకు. గురువు కావాలంటే విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచి ఉంది, గంటన్నర దూరం. మన ఆంధ్రా యూనివర్సిటీలోనూ సంగీత విభాగం ఉంది. స్వరజ్ఞానం, లయజ్ఞానం గట్టిపడితే అది ఏ ఆటకైనా పనికొస్తుంది. ఆ ఆరు లక్షలూ బ్యాంకులో ఉంచండి. ఇరవై ఒకటో ఏట వాడి దగ్గర చూపించుకోవడానికి నాలుగు పనులుంటే, అప్పుడు చెన్నైకో విదేశానికో పంపడానికి అక్కరకొస్తాయి.

డిప్లొమాకి బదులు వాణ్ణి నేను అడిగేది ఒకటే, పూర్తిచేయడం. ఇలాంటి కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌లో అరనిమిషం ముక్కలు వందల్లో ఉంటాయి, మొదలూ చివరా ఉన్న పాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గేమ్ జామ్ అని జరుగుతుంటాయి. ముక్కూమొహం తెలియని నలుగురు ఆన్‌లైన్‌లో జట్టుకట్టి రెండు మూడు రోజుల్లో చిన్న ఆట తయారుచేస్తారు. గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచి ఏటా జనవరిలో నడుస్తోంది. ఏడాది పొడుగునా చిన్నవి ఇట్చ్ డాట్ ఐఓ అనే వెబ్‌సైట్‌లో ఉంటూనే ఉంటాయి. డబ్బు రాదు. కానీ ఆదివారం సాయంత్రానికి పని అప్పజెప్పాలి, ప్రోగ్రామర్ ఇది బాలేదు మార్చు అంటే మార్చాలి. నా పాట నా ఇష్టం అనే ఇండీ కుర్రాడు ఇక్కడ తేలిపోతాడు, లేదా రాటుదేలతాడు. పరీక్షలయ్యాక వేసవిలో రెండు జామ్‌లు చేయమనండి. అవి చేశాక కూడా ఇదే పని కావాలంటే, అప్పుడు వాడి మాటకి నేనూ బరువిస్తాను.

అయ్యో, పోలిక. మీరు అడిగింది అదే కదా. పోల్చడానికి అవి రెండు దారులని నేను అనుకోవడం లేదు. లెక్కలంటే మరీ ఏడుపు కాకపోతే సీఎస్ఈ చేయమనండి, విశాఖలోనే, ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీలో. ప్రోగ్రామింగ్ వచ్చిన కంపోజర్ తన పొరల్ని తనే ఆటలో అమర్చుకుంటాడు, జట్టుకి అలాంటివాడే ముద్దు. లెక్కలంటే నిజంగా పడకపోతే బీఎస్సీయో బీసీఏయో చాలు, బలవంతపు బీటెక్‌లో మిగిలేది బ్యాక్‌లాగులే. పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో సౌండ్ కోర్సు ఉంది, దానికి ముందు డిగ్రీ ఉండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలని అడుగుతూ వచ్చారు. కాబట్టి ఎంపీసీ వృథా పోదని వాడికి చెప్పండి. చేరే ఏడాది నోటిఫికేషన్ మాత్రం చూసుకోవాలి. బీటెక్ చేస్తే చాలు ఉద్యోగం ఖాయం అన్న రోజులు పోయాయని మీ ఆడపడుచు కొడుకే చెబుతాడు, ఈసారి వచ్చినప్పుడు అడిగి చూడండి.

ఆ ఆడపడుచు సంగతి కూడా అనేస్తాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో మీవాడి పాట ఎలా ఉంటుందో ఒక్క ముక్క లేదు. యూట్యూబులో పెట్టాడని రాశారు గానీ విన్నానని రాయలేదు. ఊళ్లో వాళ్లందరి పిల్లల ప్యాకేజీలు తెలుసు, మన పిల్లవాడు కట్టిన వరస తెలియదు. ఈ రాత్రికి వినండి. బాగుంటే బాగుందనండి, అర్థం కాకపోతే ఇక్కడ ఇలా ఎందుకు చేశావు అని అడగండి. మాట్లాడటం లేదన్నారు కదా, మొదలుపెట్టడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. కంగారు పడాల్సిన కుర్రాడు కాదమ్మా వాడు. ఏమీ వద్దు అని గోడకేసి చూస్తూ కూర్చునే పిల్లల తల్లులు వస్తారు నా దగ్గరికి. మీకు ఆ కష్టం లేదు.

మిగిలింది కాగితాల సంగతి. వేసవిలో చేసిన ఆట ఎవరికైనా నచ్చి, డబ్బిస్తాం, మా ఆటకి చెయ్యి అంటే సంబరంలో సంతకం పెట్టేస్తారు ఈ వయసువాళ్లు. సంగీతం హక్కులు ఎవరివి, ఎన్నాళ్లకి, ఏ దేశాలకి అన్నది రాతలో ఉండాలి. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు బదిలీ చేసే కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అందుకే అవతలివాళ్లు 'శాశ్వతంగా, విశ్వమంతటా' అని రాసుకొస్తారు. ఆ మాటలకి వేరే రేటు అడగాలి, పాటని తన ఆల్బంలో పెట్టుకునే హక్కు తన దగ్గరే ఉంచుకోవాలి. అప్పటికి వాడికి పద్దెనిమిది నిండకపోతే సంతకం పెట్టాల్సింది మీరో మీవారో. చదివాకే పెట్టండి.