ఫిలిప్పీన్స్‌లో జనంతో కలిసి డిజైన్ చేయాలంటే ఏం చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఫిలిప్పీన్స్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో డిజైనర్‌గా చేరబోతున్నారు. ఇప్పటిదాకా చదివిందంతా అమెరికా, యూరప్ పాఠాలే. వలసవాద ఆలోచనను పక్కనపెట్టి అక్కడి జనం వైపు నుంచి పని చేయడానికి, రేపటి మీద ఆశ పోగొట్టుకోకుండా ఉండడానికి ఏం చదవాలని అడిగారు. నేను కొన్నేళ్లు మనీలా పక్కన క్వెజాన్ సిటీలో ఆరోగ్య కేంద్రాల కోసం డిజైన్ పని చేశాను. ఆ పనిలో నాకు అక్కరకొచ్చినవే చెప్తాను.

డిజైన్ పుస్తకాలతో మాత్రం మొదలుపెట్టకండి. ఆర్టురో ఎస్కోబార్ రాసిన 'డిజైన్స్ ఫర్ ద ప్లూరివర్స్', సాషా కొస్టాంజా-చాక్ రాసిన 'డిజైన్ జస్టిస్' మంచి పుస్తకాలే. కానీ ఒకటి లాటిన్ అమెరికా పోరాటాల నుంచి, రెండోది అమెరికా ఉద్యమాల నుంచి పుట్టాయి. ఫిలిప్పీన్స్ వాళ్లు తమ గురించి తాము రాసుకున్నవి ముందు చదివితే ఈ రెండిట్లో ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో మీకే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు చదవాల్సింది ఒక వ్యాసం. రొహెలియా పె-పువా, ఎలిజబెత్ మార్సెలినో కలిసి 2000లో విర్గీలియో ఎన్రీకెజ్ కృషి గురించి రాశారు. ఎన్రీకెజ్ అమెరికాలో సైకాలజీలో డాక్టరేట్ చేసి, 1971లో తిరిగొచ్చి ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. అమెరికన్ ప్రశ్నపత్రాలతో ఫిలిప్పీన్స్ మనిషిని కొలవడం ఆపాలని, అక్కడి భాషలో అక్కడి పద్ధతుల్లోనే తెలుసుకోవాలని ఆయన పట్టుబట్టారు. 'సికొలొహియాంగ్ పిలిపీనో' అనే ఉద్యమం అలా మొదలైంది. ఎదుటివాడు వేరు, నేను వేరు అనుకోకుండా ఇద్దరినీ ఒకటిగా చూసే 'కప్వా' భావన దానికి మూలం. ఆయన 1992 పుస్తకం 'ఫ్రమ్ కలోనియల్ టు లిబరేషన్ సైకాలజీ' తర్వాత చదవొచ్చు, ముందు ఆ వ్యాసం చాలు.

ఎందుకంటే అందులో పని చేసే పద్ధతి ఉంది. 'పగ్‌తతనోంగ్-తనోంగ్' అంటారు, అంటే మాటల్లో మాటగా అడిగి తెలుసుకోవడం. ఇక్కడ అడిగేవాడూ చెప్పేవాడూ సమానం. మాట ఎటు పోవాలో చెప్పేవాళ్లూ నిర్ణయిస్తారు, వాళ్లు మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు వేస్తే మీరూ జవాబు చెప్పాలి. పరిశోధకుడికీ జనానికీ మధ్య దగ్గరితనం మెట్టు మెట్టుగా ఎలా పెరుగుతుందో కూడా వరుసగా చెప్పారు. మర్యాదకు పలకరించుకోవడం మొదటి మెట్టు, వాళ్ల సమస్య తనదే అనుకోవడం చివరి మెట్టు. మీరు ఇంకా 'పరాయి మనిషి' మెట్టు మీదే ఉంటే మీకు వచ్చే జవాబులు కూడా పరాయివాళ్లకు చెప్పేవే.

ఇది నేను కళ్లారా చూశాను. బరంగాయ్ అంటే అక్కడి పాలనలో అన్నిటికన్నా చిన్న విభాగం, మన వార్డు లాంటిది. అక్కడి ఆరోగ్య కార్యకర్తలు ఎక్కువగా మధ్యవయసు ఆడవాళ్లు. టీమ్ వాళ్లు ఇంగ్లీష్ ప్రశ్నల ఫారం పట్టుకుని వెళ్తే ప్రతిదానికీ 'బాగానే ఉంది' అనేవారు. ఆ వ్యాసం మా చేతికి వచ్చాక ఫారాలు తీసేశాం. సాయంత్రం మెరియెండా వేళకు, అంటే చిరుతిండి టైముకు, ఏదైనా కొనుక్కుని వెళ్లి కూర్చునేవాళ్లం. వాళ్లే ముందు అడిగేవారు: తిన్నావా, పెళ్లయిందా, అమ్మానాన్నలను ఎవరు చూసుకుంటున్నారు, జీతంలో ఎంత ఇంటికి పంపుతున్నావు. అన్నిటికీ దాచకుండా చెప్పేవాణ్ని. ఆ తర్వాతే అసలు సంగతులు బయటికొచ్చాయి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉంటుందని, నెట్ బ్యాలెన్స్ రోజుకింత అని కొనుక్కుంటారని, గర్భిణుల చెకప్ తేదీలు మేం చేస్తున్న యాప్‌లో కాదు, మెసెంజర్ గ్రూపుల్లో తిరుగుతున్నాయని తెలిసింది. వాళ్లు కట్టుకున్న వ్యవస్థ అక్కడ అప్పటికే ఉంది. దాన్ని కదిలించకుండా కాస్త బలపరచడమే మా పని అయింది.

రెండోది, ఫిలిప్పీన్స్ చరిత్రకారుడు రెనాటో కాన్‌స్టాంటినో వ్యాసం 'ద మిసెడ్యుకేషన్ ఆఫ్ ద ఫిలిపీనో'. 1959లో రాశారు, 1966లో అచ్చయింది. స్పెయిన్ నుంచి దీవులను తీసుకున్న అమెరికా, 1901లో 'థామస్' అనే ఓడలో వందలాది టీచర్లను పంపింది. ఇంగ్లీష్ చదువు పెట్టింది. ఆ చదువు చదివినవాళ్లకూ సొంత జనానికీ మధ్య దూరం ఎలా పెరిగిందో ఆయన కోపంగా, సూటిగా రాశారు. ఇంగ్లీష్ మీడియం మీద మన దగ్గర జరిగే వాదనలు విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మీరు ఆఫీసులో ఇంగ్లీష్‌లో రాసే ప్రతి ప్రాజెక్టు పత్రం ఎవరి కోసం రాస్తున్నారో ఒకసారి ఆలోచిస్తారు.

పట్టణాల డిజైన్ చరిత్ర కూడా కొంచెం చూడండి. అమెరికన్ ప్లానర్ డేనియల్ బర్నమ్ 1904 చివర్లో వచ్చి కొన్ని వారాలే అక్కడ ఉండి, 1905లో మనీలాకు, బాగియోకు ప్లాన్లు గీశాడు. 1970ల్లో మనీలా తీరంలోని టొండో మురికివాడల వాళ్లకు కొత్త ఇళ్ల కోసం అంతర్జాతీయ డిజైన్ పోటీ పెట్టారు. న్యూజీలాండ్ ఆర్కిటెక్ట్ ఇయాన్ ఆత్‌ఫీల్డ్ గెలిచాడు, కానీ ఆ డిజైన్ కట్టనే లేదు. అదే టొండోలో 1970లోనే 'జోటో' అనే సంఘం పెట్టుకున్న జనం మా నేల మాకు కావాలని, ఖాళీ చేయించొద్దని అప్పటికే పోరాడుతున్నారు. నా దృష్టిలో డిజైన్ చరిత్రలో ఆ పోటీ కన్నా ఆ సంఘానికే పెద్ద చోటు దక్కాలి.

ఇక చరిత్రకారుడు రైనాల్డో ఇలేటో 'పస్యోన్ అండ్ రెవల్యూషన్', 1979. కష్టమైన పుస్తకం, ఓపిక పట్టండి. క్రీస్తు శ్రమల కథను మనీలా ప్రాంత భాష తగలాగ్ పద్యాల్లో, ఈస్టర్‌కు ముందొచ్చే లెంట్ రోజుల్లో, ఊళ్లో గంటల తరబడి పాడతారు, దాన్ని పస్యోన్ అంటారు. స్పానిష్ మతంతో వచ్చిన కథలోనే రైతులు తమ బాధకు, తిరుగుబాటుకు కావాల్సిన భాష వెతుక్కున్నారని ఇలేటో చూపిస్తారు. 1841లో హెర్మానో పూలి నడిపిన తిరుగుబాటు నుంచి స్పెయిన్ మీద 1890ల్లో జరిగిన విప్లవం దాటి ఆయన కథ సాగుతుంది. మన దగ్గర 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథను ఉద్యమంలోకి తీసుకెళ్లిన తీరు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బయటి నుంచి వచ్చినదంతా పరాయిదని తీసిపారేస్తే జనం దానితో ఏం చేసుకున్నారో మనకు కనబడదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వలస పాలనకు ముందున్నదంతా బంగారం అనే మాట డిజైన్ వర్క్‌షాపుల్లో తరచుగా వినిపిస్తుంది. దానికి మందు చరిత్రకారుడు విలియం హెన్రీ స్కాట్ రచనలు. 1433 నాటి ప్రాచీన చట్టమని పాఠ్యపుస్తకాల్లో చదివించిన 'కలంతియావ్ స్మృతి' నకిలీదని 1960ల్లో ఆయనే ఆధారాలతో తేల్చారు. అలాగని ఆ గతాన్ని చిన్నచూపు చూడలేదు. స్పానిష్ పత్రాల సందుల్లోంచి సామాన్య జనం ఎలా కనబడతారో వెతికి 'బరంగాయ్' అనే పెద్ద పుస్తకం రాశారు, 1994లో వచ్చింది. పాత లిపి బైబాయిన్‌ను పోస్టర్ల మీద అలంకారంగా వాడే ముందు ఆ పుస్తకం చదవండి. ఆ లిపి కూడా మన తెలుగు లిపిలాగే బ్రాహ్మీ కుటుంబానిది. 1593లో మనీలాలో అచ్చయిన 'దొక్త్రీనా క్రిస్తియానా'లో దాన్ని చూడొచ్చు.

ఆశ సంగతికి వస్తే, ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు, రచయిత హోసే రిజాల్ దగ్గరికి వెళ్లండి. నవలలు అందరూ చెప్తారు. నేను చెప్పేది 1889-90లో 'లా సొలిదారిదాద్' పత్రికలో వచ్చిన 'వందేళ్ల తర్వాత ఫిలిప్పీన్స్' వ్యాసం. స్పెయిన్ మారకపోతే దీవులు విడిపోతాయని, ఏదో ఒక రోజు అమెరికా కన్ను అటు పడొచ్చని అందులో రాశాడు. దాదాపు అదే రోజుల్లో లండన్‌లో కూర్చుని, ఫిలిప్పీన్స్ గురించి స్పానిష్ అధికారి మోర్గా 1609లో తెచ్చిన చరిత్ర పుస్తకాన్ని చేత్తో నకలు రాసుకుని, తన వ్యాఖ్యలతో 1890లో అచ్చేశాడు. తన జనానికి గతం ఉందని చూపిస్తూనే భవిష్యత్తును ఊహించాడు. భవిష్యత్తును ఊహించే 'ఫ్యూచర్స్' వర్క్‌షాపుల్లో స్టిక్కీ నోట్స్ అంటించే ముందు ఈ రెండు పనులూ కలిపి చూడమని నా మనవి.

అచ్చులో లేని పాఠం కూడా ఒకటి ఉంది. 2021 ఏప్రిల్ 14న క్వెజాన్ సిటీలో మగిన్హావా వీధిలో ఒక యువతి వెదురు బండి మీద బియ్యం, కూరగాయలు పెట్టింది. 'ఇవ్వగలిగినంత ఇవ్వండి, అవసరమైనంత తీసుకోండి' అని అట్టముక్క మీద రాసింది. కొద్ది రోజుల్లోనే దేశమంతా అలాంటి బళ్లు వెలిశాయి. లైసెన్సు లేదు, యాప్ లేదు. ఎవరైనా చూసి అలాగే చేసుకోవచ్చు. అంతకన్నా శుభ్రమైన సర్వీస్ డిజైన్ నేను చూడలేదు. అప్పటి వార్తా కథనాలన్నీ వెతికి చదవండి, బళ్లు పెట్టినవాళ్ల మీద కమ్యూనిస్టు ముద్ర వేసిన సంగతి కూడా.

అలాగే 'మసిపాగ్' అనే రైతుల, శాస్త్రవేత్తల సంఘం గురించి. లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8 అనే వరి రకాన్ని విడుదల చేసింది. ఆ మరుసటేడే పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని భారీగా పండించారు. మన పెద్దవాళ్లకు అది గుర్తుండే ఉంటుంది. దిగుబడి పెరిగింది, నిజమే. కానీ విత్తనం ఎలా ఉండాలో రైతు చెప్పే మార్గం మూసుకుపోయింది. 1980ల మధ్యలో ఫిలిప్పీన్స్ రైతులు, కొందరు శాస్త్రవేత్తలతో కలిసి మసిపాగ్ పెట్టుకుని, పాత వరి రకాలు సేకరించి, సంకరం తామే చేసుకుంటూ తమ నేలకు తగ్గ రకాలు తయారుచేసుకున్నారు. జహీరాబాద్ దగ్గర డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) మహిళా సంఘాల విత్తన భాండాగారాలు చూసినవాళ్లకు ఆ సంతోషం ఎలాంటిదో తెలుసు. మసిపాగ్ ప్రచురణలు చదివితే 'వినియోగదారుడు' అనే మాట వాడడానికి మీకు చేయి రాదు.

వెళ్లేలోపు టైం తక్కువుంటే పె-పువా వ్యాసం, కాన్‌స్టాంటినో వ్యాసం, రిజాల్ వ్యాసం, ఈ మూడూ పూర్తిచేయండి. అన్నీ చిన్నవే. మిగతావి అక్కడికి చేరాక నెమ్మదిగా. ఒకవేళ మీ పని దక్షిణాన ఉన్న మిందనావో దీవిలో అయితే నేను చెప్పినవి చాలవు, ఇవి ఎక్కువగా తగలాగ్ ప్రాంతం వైపు నుంచి రాసినవి. స్పెయిన్ పూర్తిగా లొంగదీసుకోలేకపోయిన దక్షిణాది ముస్లిం రాజ్యాలైన సులు, మగిందనావో సుల్తానేట్ల చరిత్రకు సీజర్ అదిబ్ మహుల్ 1973లో తెచ్చిన 'ముస్లిమ్స్ ఇన్ ద ఫిలిప్పీన్స్'తో మొదలుపెట్టండి. ఏ ఊరికి వెళ్తున్నారో కామెంట్లో రాస్తే అక్కడ పనిచేసిన స్నేహితులను అడిగి ఆ ప్రాంత భాషలో ఏమున్నాయో చెప్తాను.